స్పానిష్ పలకరింపులు: "మె యామో ఎస్" అనే తప్పు పోవాలంటే?

మూడో_పీరియడ్:
ఎనిమిది నుంచి పదేళ్ల పిల్లలు, ముప్ఫై మంది. వారానికి రెండు పీరియడ్లు, ఒక్కోటి 40 నిమిషాలు. మొదటి నాలుగు క్లాసుల్లో పలకరించడం, పేరు అడగడం, చెప్పడం వచ్చేయాలి. రెండు క్లాసులు అయ్యేసరికి మూడు ఇబ్బందులు కనిపిస్తున్నాయి. "ఓల" (హలో) అని పలకాల్సినదాన్ని బోర్డు మీద రాయగానే "హోలా" అని చదువుతున్నారు. పేరు అడిగితే "మె యామో ఎస్ రవి" అంటున్నారు. అందరూ కలిసి బాగానే చెప్తారు, విడిగా లేపితే నోరు పెగలదు. పలకడం తెలుగు లిపిలో రాసివ్వవచ్చా?

నల్లబల్ల:
ముందు "ఎస్" సంగతి. అది స్పానిష్ తప్పు కాదు, మధ్యలో దూరిన ఇంగ్లిష్ తప్పు. మీరు "మై నేమ్ ఈజ్" అని అర్థం చెప్పి ఉంటారు. పిల్లలు "మె యామొ" అంటే "నా పేరు" అనుకున్నారు, "ఈజ్"కి జోడీ వెతికి "ఎస్" తగిలించారు. నిజానికి "యామొ"లోనే క్రియ ఉంది. "నన్ను నేను ఫలానా అని పిలుచుకుంటాను" అన్నది దాని అసలు అర్థం. క్రియ ఉన్నచోట ఇంకో క్రియ ఎందుకు?

తెలుగు నుంచి నేరుగా వెళ్తే ఈ గొడవే లేదు. "నా పేరు రవి" అంటాం, మధ్యలో ఏమీ పెట్టం. "మె యామొ రవి" కూడా అలాగే కూర్చుంటుంది. వయసూ అంతే. "నాకు ఎనిమిదేళ్లు" అనే పిల్లలకు "తేంగొ ఓచొ ఆఞొస్" (నాకు ఎనిమిదేళ్లు ఉన్నాయి) వింతగా అనిపించదు. "ఐ యామ్ ఎయిట్" దారిలో వచ్చినవాళ్లే "సోయ్ ఓచొ" అంటారు.

ఇంకో జాగ్రత్త: "మి నోంబ్రె ఎస్..." (నా పేరు...) కూడా సరైన వాక్యమే, కానీ అదే వారం నేర్పకండి. రెండూ కలిసి "మె యామొ ఎస్" పుట్టడానికి అది రెండో కారణం. ఈ నెలకు ఒక్కటి చాలు. ఇప్పటికే అలవాటైనవాళ్లకు "తప్పు" అని ఆపడం కంటే మూడో మనిషిని చూపించి అడగండి: "కోమొ సె యామ?" (అతని పేరేంటి?) జవాబు "సె యామ పాబ్లొ". యామొ, యామస్, యామ అని చివర మారడం చెవిన పడితే, అది క్రియ అని పిల్లలకే తెలిసిపోతుంది.

అఆఇఈ:
"హోలా" ఎందుకొస్తుందంటే అక్షరం ముందు చూపించారు కాబట్టి. స్పానిష్‌లో హెచ్ ఒంటరిగా ఉంటే పలకదు. మొదటి రెండు క్లాసులు బోర్డు ముట్టుకోకుండా నోటితోనే నడపండి. మూడో క్లాసులో రాసినప్పుడు హెచ్‌ని వేరే రంగు సుద్దతో రాసి "ఇది మూగది" అంటే సరిపోతుంది.

తెలుగు లిపి వాడకూడదని కొందరు పట్టుబడతారు. నేను ఒప్పుకోను. స్పానిష్ అచ్చులు అయిదూ మన అ ఎ ఇ ఒ ఉ లకు ఇంగ్లిష్ అచ్చులకన్నా ఎంతో దగ్గర. స్పానిష్‌లో ట, డ లేవు, త, ద ఉన్నాయి. రోమన్ లిపి చూసి "టార్డెస్" అనే పిల్ల తెలుగు చూసి "తార్దెస్" అంటుంది. ఎన్ మీద అల ఉన్న అక్షరానికి మన దగ్గర ఞ సిద్ధంగా ఉంది. ఇది చిన్న విషయం కాదు: "ఆఞొస్" ఏళ్లు, అల మర్చిపోయి "ఆనొస్" అంటే మలద్వారాలు! వయసు చెప్పే పాఠంలో ఇది తెలియకుండా దిగకండి.

రాసేటప్పుడు ఒక పద్ధతి పాటించండి. ఊత పడే (నొక్కి పలికే) చోట మాత్రమే దీర్ఘం పెట్టండి: ఓల, కోమొ, దీయస్, అద్యోస్. "ఓలా" అని రాస్తే ఊత చివరికి జారిపోతుంది. రెండు ఎల్‌లు కలిసి వస్తే చాలాచోట్ల య లాగే పలుకుతారు కాబట్టి "యామొ" సరే. అర్జెంటీనా రాజధాని బ్వేనొస్ ఐరెస్ వాళ్ల వీడియో పెడితే "షామొ" అని వినిపిస్తుంది, అదీ తప్పు కాదని ముందే చెప్పండి. నాలుగో క్లాసుకల్లా తెలుగు రాత చెరిపేయాలి, లేకపోతే అసలు రాత వైపు చూడరు.

మూడో_పీరియడ్:
మరి నోరు విప్పించడం? బంతి విసిరి అడిగిస్తున్నాను, సగం మంది కిటికీలోంచి చూస్తున్నారు.

చుట్టూ_తిరుగు:
చూడకేం చేస్తారు మరి. ఒక్కొక్కరికి 10 సెకన్లు అనుకున్నా ముప్ఫై మందికి 5 నిమిషాలు, అందులో ఒక్కొక్కరు మాట్లాడేది ఒక్కసారి. దాని బదులు 15 మందిని లోపలి వలయంలో, 15 మందిని బయట ఎదురెదురుగా నిలబెట్టండి. "ఓల, కోమొ తె యామస్?" (నీ పేరేంటి?) "మె యామొ... ఇ తూ?" (మరి నీది?) ఆఖరున ఇద్దరూ "మూచొ గూస్తొ" (కలిసినందుకు సంతోషం). 30 సెకన్లకోసారి చప్పట్లు కొడితే బయటి వలయం ఒక అడుగు కుడికి జరగాలి. ఎనిమిది నిమిషాల్లోపే ప్రతి పిల్లా 15 సార్లు అడిగి, 15 సార్లు చెప్పేస్తుంది. ఒకరు తగ్గితే ఆ చోట మీరు నిలబడండి.

కానీ ఒకరి పేరు ఒకరికి తెలిసినప్పుడు అడగడంలో పస ఏముంది? రెండోసారి ఆడించేటప్పుడు వలయాలు తీసేసి, చీటీలు ఇచ్చి గదంతా తిరగనివ్వండి. లూసియా, దియేగో, కార్మెన్ లాంటివి పది పేర్లు, ఒక్కోటి మూడు చీటీల మీద. తన పేరున్న మిగతా ఇద్దరినీ అడిగి వెతుక్కోవాలి. చీటీ జేబులోనే ఉండాలి, బయటికి తీస్తే చూపించేసి ఊరుకుంటారు. "మూచొ గూస్తొ" ఎందుకన్నానంటే అది ఎవరన్నా ఒకటే. అదే అర్థమున్న "ఎంకంతాదొ, ఎంకంతాద" అయితే చెప్పేది అబ్బాయా అమ్మాయా అన్నదాన్ని బట్టి మారుతుంది. పిల్లలేమో ఎదుటివాళ్లను బట్టి మారుస్తారు.

నల్లబల్ల:
ఒకటి మర్చిపోయాను. "బ్వేనస్ నోచెస్"ని "గుడ్ నైట్" అని మాత్రమే చెప్పకండి. చీకటి పడ్డాక ఎవరైనా ఎదురుపడితే పలకరింపుగానూ అంటారు, వెళ్లేటప్పుడూ అంటారు. "తూ", "ఉస్తేద్" తేడాకు మాత్రం రెండు నిమిషాలు మించి పెట్టకండి. నువ్వు, మీరు అంటే చాలు, అర్థమైపోతుంది. పెద్దవాళ్లతో "కోమొ సె యామ ఉస్తేద్?" స్పెయిన్ బడుల్లో పిల్లలు టీచర్లను కూడా "తూ" అనడం మామూలే, కాబట్టి వీడియోలో వినిపిస్తే కంగారు పడొద్దు.