సందేహం: ఉరుంచిలో మిట్టమధ్యాహ్నం అయితే బీజింగ్ టైమ్ ఎంత? జవాబు కలవడం లేదు

షావోషింగ్ అమ్మ:
అందరికీ నమస్కారం. సాయంత్రం ఆరున్నరకు కూర్చున్నాం, ఇప్పుడు పదకొండు దాటింది. పాప ఇక్కడ చైనా బడిలో చదువుతోంది, తన భూగోళం హోంవర్కులో ఒక్క లెక్క దగ్గరే ఆగిపోయాం. చైనా పడమటి కొసన షిన్‌జియాంగ్‌లోని ఉరుంచిలో మిట్టమధ్యాహ్నం అయినప్పుడు బీజింగ్ టైమ్ ఎంత అని అడిగారు. రేఖాంశాల తేడా తీసి నాలుగుతో హెచ్చవేశాం. అంతే కదా చేయాల్సింది? కానీ పుస్తకం వెనక ఉన్న జవాబు రావడం లేదు. పక్కింటి చైనా ఆవిడను అడిగితే ఆవిడకు ఇంకో జవాబు వచ్చింది. దాని కిందే షిన్‌జియాంగ్‌లోనే ఉన్న తుర్పాన్ ద్రాక్ష ప్రశ్న ఉంది, ఎనిమిది మార్కులది, దాన్ని ఇంకా ముట్టుకోనేలేదు. పాప సెకండ్ ఇయర్. రేపు పొద్దున్నే ఇచ్చేయాలి. నేను బీకాం చదివాను, భూగోళం పదో తరగతితోనే వదిలేశాను. పాప ఏడుపు ముఖం పెట్టుకుని కూర్చుంది, నాకు టెన్షన్‌తో తల పట్టేసింది. తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

నింగ్బో:
120 తీసుకోండి.

సోషల్ మాస్టారు (రిటైర్డ్):
అమ్మా, కంగారు పడకండి. ఈ పాఠం నేను ముప్పై ఏళ్లు చెప్పాను. పిల్లలకు సూత్రం బట్టీ వేయిస్తే ఇలాగే అవుతుంది, ముందు కథ చెప్పాలి. భూమి 24 గంటల్లో 360 డిగ్రీలు తిరుగుతుంది. అంటే గంటకు 15 డిగ్రీలు, డిగ్రీకి 4 నిమిషాలు. ఒకప్పుడు ఏ ఊరి టైమ్ ఆ ఊరిదే. మన దేశంలో బొంబాయి టైమ్ వేరు, కలకత్తా టైమ్ వేరు. మన రైళ్లు నడిచింది మద్రాసు టైమ్ మీద. మద్రాసు 80 డిగ్రీల పావు మీద ఉంది, నాలుగుతో హెచ్చవేస్తే 321 నిమిషాలు. అందుకే మద్రాసు టైమ్ గ్రీనిచ్ కంటే 5 గంటల 21 నిమిషాలు ముందు. 1906లో దేశమంతటికీ ఒకే టైమ్ పెట్టారు. దానికి ఎంచుకున్నది 82.5 డిగ్రీల రేఖాంశం, అది మన కాకినాడకు దగ్గరగానే వెళ్తుంది. ఇది పాపకు చెప్పండి, జన్మలో మరచిపోదు.

షావోషింగ్ అమ్మ:
ధన్యవాదాలు మాస్టారూ. డిగ్రీకి నాలుగు నిమిషాలే వేశామండీ. అయినా కలవడం లేదు.

గ్వాంగ్జౌ నాన్న:
సెకండ్ ఇయర్ అంటే చూ అర్, అంటే మన ఎనిమిదో తరగతి కదా? అయితే ఈ లెక్క పరీక్షకు అంత ముఖ్యం కాదండీ. మా వాడు పోయినేడే రాశాడు, మా ఊళ్లో భూగోళం పరీక్ష ఎనిమిది చివర్లోనే అయిపోతుంది. ఎనిమిదిలో చూడాల్సింది చైనా పటం. అందులోనూ ఒక్క గీత వస్తే సగం పుస్తకం వచ్చినట్టే: చిన్‌లింగ్ కొండలు, హ్వైహ నది కలిపే గీత. జనవరి సగటు ఉష్ణోగ్రత సున్నా డిగ్రీలు అయ్యే చోట్లు దాదాపు ఆ గీత వెంటే ఉంటాయి. ఏడాదికి 800 మి.మీ. వాన కూడా అక్కడే. దానికి దక్షిణాన వరి, ఉత్తరాన గోధుమ. దక్షిణాన నదులు గడ్డ కట్టవు. చలికాలం ఇళ్లు వెచ్చగా ఉండడానికి ఊరంతటికీ ఒకే చోటి నుంచి వేడి నీళ్లు పంపే పద్ధతి ఎక్కువగా ఉత్తరాదిలోనే ఉంది. పటం మీద ఆ గీతను పాప చేత పదిసార్లు గీయించండి. ఈ గంటలూ నిమిషాలూ తర్వాత చూసుకోవచ్చు.

షావోషింగ్ అమ్మ:
చూ అర్ కాదండీ, గావో అర్. హైస్కూల్ రెండో ఏడు. రాయలేదా నేను? పాప భూగోళం ఎంచుకుంది, మా జెజియాంగ్‌లో ఏడు సబ్జెక్టుల్లో మూడు ఎంచుకోవాలి. దీనికి మార్కులున్నాయి.

గ్వాంగ్జౌ నాన్న:
అది ముందే చెప్పాలి కదండీ. గావో అర్ అయితే సంగతి వేరు, ఈ లెక్క తప్పకుండా రావాలి. కానీ ఆ గీత గావో అర్‌కూ కావాలి, ఆ మాట మీద ఉంటాను.

వుహాన్ మెడికో:
అక్కా, మీకు ఎంత తేడా వస్తోంది? పది, పదిహేను నిమిషాల తేడా అయితే కారణం నాకు తెలుసు. సూర్యుడు రోజూ గడియారం ప్రకారం నడవడు. భూమి కక్ష్య గుండ్రంగా ఉండదు, ఇరుసు వంగి ఉంటుంది. అందుకే నవంబర్ మొదట్లో సూర్యుడు గడియారం కంటే 16 నిమిషాలు ముందుంటాడు, ఫిబ్రవరి నడుమ 14 నిమిషాలు వెనకబడతాడు. ప్రశ్నలో తేదీ ఉందా? తేదీ లేకుండా ఎవరూ కచ్చితంగా చెప్పలేరు.

షావోషింగ్ అమ్మ:
తేదీ లేదు తమ్ముడూ. తేడా సరిగ్గా 16 నిమిషాలే! అయితే నవంబర్ అని పట్టుకుని చేయాలా?

షీఆన్ పీహెచ్‌డీ:
ఆగండి, నవంబర్ వద్దు. మీరు వేసిన అంకెలన్నీ ఇక్కడ పెట్టండి. ఏ రేఖాంశంలోంచి ఏది తీసేశారు? పుస్తకం జవాబు ఎంత? ప్రశ్నలో టైమ్‌కి వాడిన చైనీస్ మాట ఏమిటి?

షావోషింగ్ అమ్మ:
ప్రశ్నలో ఉరుంచికి 87.5 ఇచ్చారు. బీజింగ్‌కు ఏమీ ఇవ్వలేదు, అట్లాసులో చూస్తే 116. తేడా 28.5, నాలుగుతో హెచ్చవేస్తే 114 నిమిషాలు. అంటే 13:54. పక్కింటావిడకు 14:00 వచ్చింది. పుస్తకంలో 14:10 అని ఉంది. ప్రశ్నలో "దీఫాంగ్ షి 12 గంటలు" అని ఉంది.

నింగ్బో:
అందుకే 120 అన్నాను.

షీఆన్ పీహెచ్‌డీ:
నింగ్బో గారు మొదట్లోనే సరిగ్గా చెప్పారు, ఎందుకో చెప్పలేదు అంతే. బీజింగ్ టైమ్ అంటే బీజింగ్ ఊరి టైమ్ కాదండీ. అది 120 డిగ్రీల తూర్పు రేఖాంశం టైమ్. బీజింగ్ ఊరు 116 మీద ఉంది, ఆ రేఖకు నాలుగు డిగ్రీలు పడమర. నాలుగు నాలుగులు పదహారు. మీ 16 నిమిషాలు అక్కడ పోయాయి. 120లోంచి 87.5 తీసేస్తే 32.5. నాలుగుతో హెచ్చవేస్తే 130 నిమిషాలు, అంటే 2 గంటల 10 నిమిషాలు. 120 తూర్పున ఉంది కాబట్టి 12కు కలపాలి. 14:10.

పక్కింటావిడకు 14:00 రావడానికి కారణం వేరు. ఉరుంచి 82.5కీ 97.5కీ మధ్య ఉంది కాబట్టి లెక్క ప్రకారం తూర్పు ఆరో కాలమండలం, అంటే గ్రీనిచ్ కంటే ఆరు గంటలు ముందుండే 15 డిగ్రీల పట్టీ. బీజింగ్ టైమ్ తూర్పు ఎనిమిదోది. ఎనిమిదిలోంచి ఆరు పోతే రెండు గంటలు. ఆవిడ చేసింది "ఛ్యూ షి", అంటే మండలం టైమ్. మీ ప్రశ్న అడిగింది "దీఫాంగ్ షి", అంటే సరిగ్గా ఆ రేఖాంశం మీది టైమ్. ఈ రెండు మాటల తేడా మీదే మార్కులు పోతాయి. పాపకు ఇది కచ్చితంగా చెప్పండి.

నమ్మకం కుదరకపోతే ఇంటికి ఫోన్ చేసే టైమ్ గుర్తు చేసుకోండి. ఇండియాకూ ఇక్కడికీ రెండున్నర గంటల తేడా. 120లోంచి మాస్టారు చెప్పిన 82.5 తీసేయండి: 37.5. నాలుగుతో హెచ్చవేస్తే 150 నిమిషాలు. సరిగ్గా రెండున్నర గంటలు. 116 వేసి చూడండి, 134 నిమిషాలే వస్తాయి, కలవదు. మన హైదరాబాద్‌దీ బీజింగ్ లాంటి స్థితే. 78.5 మీద ఉంది కాబట్టి భారత కాలరేఖకు నాలుగు డిగ్రీలు పడమర. రెండు ఊళ్లలోనూ ఎవరి గడియారంలో వాళ్లకు 12:16కు గానీ సూర్యుడు పూర్తి ఎత్తుకు రాడు. మెడికో చెప్పిన హెచ్చుతగ్గులు నిజమే కానీ బడి లెక్కల్లో వాటిని పట్టించుకోరు.

ఇంకొకటి. మీరుండే షావోషింగ్ దాదాపు 120 రేఖ మీదే ఉంది. అక్కడ గడియారంలో పన్నెండు, ఎండలో పన్నెండు ఇంచుమించు ఒకటే. అందుకే ఇన్నాళ్లూ మీకు ఈ అనుమానం రాలేదు. బీజింగ్ టైమ్‌ను లెక్కగట్టి అందించే కేంద్రం కూడా బీజింగ్‌లో లేదు, మా షీఆన్ పక్కన లిన్‌తుంగ్‌లో ఉంది.

సోషల్ మాస్టారు (రిటైర్డ్):
లెక్క సరిగ్గా ఉంది నాయనా. కానీ రేఖాంశం, రేఖ అని కలిపేస్తున్నారు, అది సరికాదు. గీత పేరు మధ్యాహ్న రేఖ. ఆ గీత గ్రీనిచ్ నుంచి ఎంత కోణంలో ఉందో చెప్పేది రేఖాంశం. 120 డిగ్రీల రేఖాంశం గల మధ్యాహ్న రేఖ అనాలి. పాఠ్యపుస్తకాల్లో కూడా ఈ తేడా ఇప్పుడు పోతోంది.

షీఆన్ పీహెచ్‌డీ:
మాస్టారూ, వాడుకలో రేఖాంశం అంటే గీతే కదండీ. పిల్లలకు రెండు పేర్లు చెబితే మరింత తికమక పడతారు.

సోషల్ మాస్టారు (రిటైర్డ్):
పేరు సరిగ్గా చెప్పకపోవడం వల్లే తికమక వచ్చింది. "బీజింగ్ టైమ్" అన్న పేరే చూడండి, ఆ తల్లి ఐదు గంటలు కూర్చోవడానికి కారణం ఆ పేరు కాదా? ఇంకో మాట. మిట్టమధ్యాహ్నం అంటే సూర్యుడు నడినెత్తిన ఉన్నాడని పాప రాయకూడదు. ఉరుంచి కర్కటరేఖకు చాలా ఉత్తరాన ఉంది, అక్కడ ఏ రోజూ సూర్యుడు నడినెత్తికి రాడు. ఆ రోజుకు అన్నిటికంటే ఎత్తులో ఉన్నాడని రాయాలి.

వుహాన్ మెడికో:
మాస్టారి రెండో మాట నిజం, మా క్లాస్‌మేట్‌కు దాని మీదే మార్కు పోయింది. నవంబర్ అని తప్పుదారి పట్టించాను, సారీ అక్కా.

గ్వాంగ్జౌ నాన్న:
అసలు అంత దేశానికి ఒకే టైమ్ ఏమిటండీ? 73 డిగ్రీల నుంచి 135 దాకా ఉంది. 1949కి ముందు ఐదు మండలాలు ఉండేవి. మాల్ పని మీద ఓసారి ఉరుంచి వెళ్లాను. అక్కడ పొద్దున పదింటికి గానీ ఆఫీసులు తెరవరు. స్థానికుల్లో చాలామంది రెండు గంటలు వెనక పెట్టుకున్న షిన్‌జియాంగ్ టైమ్ చెబుతారు. ఎవరైనా ఫలానా టైమ్‌కి రమ్మంటే ఏ టైమ్ అని అడిగి తీరాలి.

షీఆన్ పీహెచ్‌డీ:
పదింటికి తెరవడంలో వింతేమీ లేదు. 10:00లోంచి 2:10 తీసేస్తే సూర్యుడి ప్రకారం 7:50. మన ఊళ్లో ఎనిమిదింటికి పనికి వెళ్లినట్టే. భౌతిక భూగోళం మానవ భూగోళాన్ని ఎలా నడుపుతుందో చెప్పడానికి దీనికంటే మంచి ఉదాహరణ లేదు.

షావోషింగ్ అమ్మ:
14:10 వచ్చిందండీ!! పాప చేత రెండుసార్లు చేయించాను. ఇంటి ఫోన్ లెక్క చూడగానే తనకు వెలిగింది. ద్రాక్ష ప్రశ్న కూడా కాస్త చూడండి. తుర్పాన్‌లో ద్రాక్ష పండడానికి అనుకూలమైన అంశాలు రాయమన్నారు. పాప "అక్కడ ఎండ బాగా ఉంటుంది, నేల మంచిది, అందుకే తియ్యగా ఉంటాయి" అని రాసింది. పోయినసారి ఇలా రాస్తే ఎనిమిదికి రెండు వేశారు.

వుహాన్ మెడికో:
ఎండ అని వదిలేస్తే చాలదు అక్కా. పగలు ఎండకు ఆకులు చక్కెర తయారు చేస్తాయి. రాత్రి చల్లబడితే తీగ శ్వాసక్రియ తగ్గుతుంది, చేసిన చక్కెర ఖర్చు కాకుండా పండులో మిగులుతుంది. పగటికీ రాత్రికీ ఉష్ణోగ్రత తేడా ఎక్కువ అనే మాట తప్పకుండా ఉండాలి. దాని వెంటే "కాబట్టి చక్కెర చేరుతుంది" అని రాయాలి. కారణం, జరిగేది, ఫలితం మూడూ ఒకే వాక్యంలో గొలుసులా రావాలి.

నింగ్బో:
నీళ్లు ఎక్కడివో రాయలేదు.

గ్వాంగ్జౌ నాన్న:
అవును, నీళ్లే అసలు సంగతి. తుర్పాన్‌లో ఏడాదికి 20 మి.మీ. వాన కూడా పడదు. ఆ పల్లంలోని ఐడింగ్ సరస్సు సముద్రమట్టానికి 154 మీటర్ల కింద ఉంది. నీళ్లు వచ్చేది తియెన్‌షాన్ కొండల మంచు కరిగి. కొండ వాలు నుంచి వరసగా బావులు తవ్వి, వాటిని కింద సొరంగంతో కలిపారు. దాన్నే కారెజ్ అంటారు. మోటారు లేకుండా వాలు మీదే నీళ్లు పారుతాయి, భూమి కింద ఉండడం వల్ల ఎండకు ఆవిరి కావు. నేను ఒకదాంట్లోకి దిగి చూశాను. పైన మాడిపోయే ఎండ, లోపల చల్లటి నీళ్లు పారుతున్న చప్పుడు. ఆ పని చేసిన మనుషుల ఓపిక తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు పులకరిస్తుంది.

షీఆన్ పీహెచ్‌డీ:
నేల మంచిది అన్నది కొట్టేయించండి. ఏ రకం నేలో చెప్పకపోతే మార్కు రాదు. ఇవన్నీ ప్రకృతి అంశాలు. మనుషుల వైపు అంశాలు కూడా కావాలి, సగం మార్కులు అక్కడే ఉంటాయి. తరాల నుంచి ద్రాక్ష పండించిన అనుభవం రాయొచ్చు. రైలు 1962లో ఉరుంచి దాకా వచ్చింది, లాన్‌జౌ నుంచి హైస్పీడ్ లైను 2014 డిసెంబర్‌లో తెరిచారు. తూర్పు నగరాల మార్కెట్టు దూరం కాబట్టి పండును ఎండబెట్టి కిస్‌మిస్ చేస్తారు. అక్కడి పొడి వేడిగాలికి చిల్లుల గోడల గదుల్లో అది దానంతటదే ఎండుతుంది. కానీ ప్రశ్న "ప్రకృతి అంశాలు" అని మాత్రమే అడిగిందా, అన్నీ అడిగిందా? ప్రశ్న మొత్తం ఫోటో పెట్టండి. ప్రకృతి ఒక్కటే అడిగితే రైళ్లూ కిస్‌మిస్సూ రాస్తే టైమ్ దండగ.

సోషల్ మాస్టారు (రిటైర్డ్):
"అనుకూలమైన అంశాలు" అన్నప్పుడు రెండూ వస్తాయి.

షీఆన్ పీహెచ్‌డీ:
తెలుగులో వస్తాయి మాస్టారూ. చైనీస్ ప్రశ్నలో ముందు ఏ విశేషణం ఉందో చూడకుండా చెప్పలేం.

వుహాన్ మెడికో:
అక్కా, ఫోటో?

షావోషింగ్ అమ్మ:
పాప పుస్తకం మీదే నిద్రపోయిందండీ. రాత్రి చల్లదనం, కారెజ్ రెండూ రాసింది, మిగతాది పొద్దున ఆరింటికి లేపి రాయిస్తాను. ఫోటో రేపు పెడతా. అందరికీ థాంక్స్.

గ్వాంగ్జౌ నాన్న:
ఆ చిన్‌లింగ్ గీత మాత్రం మరవకండి.

సోషల్ మాస్టారు (రిటైర్డ్):
నింగ్బో గారూ, మొదటి జవాబు మీదే. ఆ 120 వెనక సంగతి ఒక్క వాక్యంలో చెప్పి ఉంటే ఆ పిల్ల గంట ముందే పడుకునేది.