"కథ లేని దృశ్యకావ్యం" అనవచ్చా?

అచ్చుతప్పు:
గ్రూపులో పెద్దలకు నమస్కారం. సందేహం చిన్నదే గానీ నిన్నటినుంచి నన్ను వదలట్లేదు. మేం నలుగురం కలిసి నడిపే ఒక వెబ్ పత్రికలో చైనా కత్తియుద్ధాల ప్రేమకథల మీద వరసగా రాస్తున్నాం. ఈసారి వంతు 2004లో వచ్చిన, జాంగ్ యీమో దర్శకత్వం వహించిన సినిమాది. ఇంగ్లీషులో పేరు 'హౌస్ ఆఫ్ ఫ్లయింగ్ డాగర్స్'. రాసిన మిత్రుడు చివర్లో "మొత్తానికి ఇది కథ లేని దృశ్యకావ్యం" అని ముగించాడు. ప్రూఫు చూసేది నేను. అక్కడికి రాగానే పంటి కింద రాయి తగిలినట్టయింది. కావ్యం అన్నాక కథ లేకపోవడమేమిటి? వాడేమో "దృశ్యకావ్యం అంటే చూడ్డానికి బాగుండేది, పోస్టర్ల మీద రోజూ చూస్తూనే ఉన్నాంగా" అంటున్నాడు. తప్పు ఎవరిది?

గోదారిగట్టు:
మీదే. మాటలు ఎక్కడ పుట్టాయో అక్కడే కూర్చోవు కదండీ. ఛాందసుడంటే ఒకప్పుడు వేదం చదువుకున్నవాడు. ఇప్పుడు ఎవరినైనా ఆ మాటతో పిలిచి చూడండి, ఏమవుతుందో. జనం దృశ్యకావ్యాన్ని కనువిందు అనే అర్థంలో వాడుతున్నారు. అదే అర్థం. ప్రూఫు చూసేవాళ్ళు అచ్చుతప్పులు చూసుకుంటే చాలు (మీ పేరు చూసి అన్నమాట కాదు).

రిటైర్డ్ మాస్టారు:
వాడుక మారితే మారనివ్వండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ మారినప్పుడు ఏం పోగొట్టుకున్నామో తెలిసి ఉంటే మంచిది.

14వ శతాబ్దంలో విశ్వనాథుడు సాహిత్యదర్పణం అనే సంస్కృత అలంకారశాస్త్ర గ్రంథంలో కావ్యాన్ని రెండు చేశాడు. "దృశ్యశ్రవ్యత్వభేదేన పునః కావ్యం ద్విధా మతమ్." ఒకటి దృశ్యం, రెండోది శ్రవ్యం. వెంటనే దృశ్యమంటే ఏమిటో కూడా చెప్పాడు: "దృశ్యం తత్రాభినేయం." అభినయించదగింది దృశ్యం. అందంగా ఉండేది అనలేదు, రంగులు బాగున్నది అనలేదు. అంటే దృశ్యకావ్యమంటే నాటకం. ఇక నాటకానికి కథ ఏమవుతుందో నాట్యశాస్త్రం రాసిన భరతుడు అంతకు ఎన్నో శతాబ్దాల ముందే చెప్పాడు: "ఇతివృత్తం తు నాట్యస్య శరీరం." ఇతివృత్తం నాట్యానికి ఒంటిమీద నగ కాదు, ఒళ్ళే.

కాబట్టి "కథ లేని దృశ్యకావ్యం" అంటే ఒళ్ళు లేని మనిషి అన్నట్టు. మీ మిత్రుడు చెప్పదలచుకున్నది "కథ లేని కనువిందు" అయితే ఆ మాటే రాయమనండి. చక్కని తెలుగు మాట, దాన్ని ఎవరూ తప్పు పట్టరు.

గోదారిగట్టు:
ఇప్పుడు ఆ సినిమాకి ఒళ్ళుందా లేదా అన్నది ప్రశ్న 🙂

సబ్‌టైటిల్ కూలి:
ఉంది. నేను చైనీస్ చదువుకుని, పొట్టకూటికి సబ్‌టైటిళ్ళు రాసుకుంటున్న మనిషిని. అందుకని కాస్త పొడుగ్గా చెప్తాను, విసుక్కోకండి. కథ గుట్టు కూడా బయటపెడతాను. సినిమా వచ్చి 20 ఏళ్ళు దాటింది, ఇంకా చూడకపోతే నా తప్పు కాదు.

ముందు పేరు. ఇంగ్లీషు పేరు వింటే ఎగిరే బాకులు కళ్ళముందు కదులుతాయి. చైనీస్ పేరులో బాకులూ లేవు, ఎగరడమూ లేదు. 'షి మియెన్ మై ఫు'. పది వైపులా పొంచి ఉన్న మాటు. పిపా అనే వీణలాంటి వాద్యం మీద వాయించే ఒక పాత రచన పేరు అది. క్రీ.పూ. 202లో గైషియా దగ్గర లియూ బాంగ్ సేనలు అతని శత్రువు షియాంగ్ యూని చుట్టుముట్టిన యుద్ధాన్ని వినిపిస్తుంది. చైనా ప్రేక్షకుడు టికెట్ కొనేటప్పుడే "ఇందులో ఎవరో ఎవరికో మాటు వేశారు" అనుకుంటూ లోపలికి వెళ్తాడు. ఒకే సినిమాకి ఒక పేరు కథను చెప్తే, రెండో పేరు బొమ్మను చూపించి అమ్ముకుంది. బయటి దేశాలవాళ్ళకి కథ కనపడకపోవడానికి సగం కారణం అక్కడే ఉందని నా అనుమానం.

ఇక పాట. కథాకాలం 859, టాంగ్ వంశం దిగజారుతున్న రోజులు. పియొనీ పెవిలియన్ అనే భోగశాలలో మే అనే చూపులేని నర్తకి (జాంగ్ జియీ) పాట పాడుతుంది. ఆ పాట సినిమా కోసం కట్టింది కాదు. హాన్ వూ చక్రవర్తి కొలువులో లీ యెన్‌నియెన్ అనే సంగీతకారుడు రాజు ముందు పాడినట్టు హాన్ చరిత్ర గ్రంథంలో ఉంది. అంటే రెండువేల ఏళ్ళు దాటిన పాట. నాకు చేతనైన తెలుగులో:

ఉత్తరాన ఒక అందగత్తె ఉంది
లోకంలో సాటి లేదు, ఒంటరిగా నిలుచుంది
ఒకసారి చూసిందా, పట్నం కూలిపోతుంది
ఇంకోసారి చూసిందా, రాజ్యం కూలిపోతుంది
పట్నమూ రాజ్యమూ కూలతాయని తెలియక కాదు
అలాంటి అందగత్తె మళ్ళీ దొరకదు

అంత అందగత్తె నిజంగా ఉందా అని రాజు నిట్టూరిస్తే, ఉంది, ఈ పాడినవాడి చెల్లెలే అని రాజు అక్క చెప్పిందట. ఆ చెల్లెలు రాణివాసానికి చేరింది. పాట పెళ్ళిళ్ళ పేరయ్య పని చేసిందన్నమాట.

ఇప్పుడు సినిమాలో ఈ పాట ఎక్కడుందో చూడండి. ఒక్క చూపుతో పట్నాలు కూల్చే ఆడదాని పాటను చూపులేని పిల్ల పాడుతోంది. మొదటిసారి చూసినప్పుడు "అయ్యో పాపం" అనుకుంటాం. గంట దాటాక తెలుస్తుంది, ఆమెకు కళ్ళు కనిపిస్తాయని. చూపులేకపోవడం నటన. కథలోని అసలు ముడి మొదటి పాటలోనే, అందరి ముందూ పెట్టి ఉంది. మనం పట్టుబట్టలు చూస్తూ కూర్చున్నాం. మాటు వేయడమంటే అదీ.

వరంగల్ అమ్మాయి:
అబ్బ! చైనీస్‌లో సంగతేమో గానీ తెలుగులో ఇది ఇంకా బాగుందండీ. మనకు 'చూపు' అంటే కంటిచూపు, ఓ చూపు చూడటం, రెండూ ఒకటే మాట. "చూపులేని పిల్ల చూపుల పాట పాడింది" అంటే ముడి మొత్తం వచ్చేసింది.

సబ్‌టైటిల్ కూలి:
నిజమే, నాకు తట్టలేదు. చైనీస్‌లో ఆ చూపుకి 'గు' అని వేరే మాట. తల తిప్పి వెనక్కి చూడటం. కళ్ళు కనిపించడానికి అది వాడరు.

రిటైర్డ్ మాస్టారు:
బాబూ, మీ తర్జుమాలో 'కూలిపోతుంది' నాకు నచ్చలేదు. మూలంలో క్రియ ఏమిటి?

సబ్‌టైటిల్ కూలి:
'చింగ్', మాస్టారూ. వంగడం, ఒక పక్కకు వాలడం దాని మొదటి అర్థం. పాత్ర ఒంపితే నీళ్ళు కారతాయే, అలా. తరవాత కూలడం, పతనమవడం. మనసు ఒకరివైపు మొగ్గడానికీ అదే మాట. అందుకే ఈ పాదానికి రెండు అర్థాలు చెప్పేవాళ్ళున్నారు. పట్నం నాశనమైపోతుందని ఒకరు, పట్నమంతా ఆమెను చూడ్డానికి అటే వంగిపోతుందని ఇంకొకరు. 'చింగ్ చెంగ్ చింగ్ గువో' అంటే ఇప్పటికీ చైనాలో లోకోత్తర సౌందర్యం అనే నానుడి.

రిటైర్డ్ మాస్టారు:
అయితే మీ చేతిలో ఉన్న మాటను వదిలేశారు. ఒరగడం! గోడకి ఒరిగాడు అంటే ఆనుకున్నాడు. చెట్టు ఒక పక్కకు ఒరిగింది అంటే వంగింది. యుద్ధంలో నేలకొరిగాడు అంటే పోయాడు. (దీన్ని 'కొరగడం' అనుకునే పిల్లలున్నారు. నేలకు, ఒరిగాడు. విడదీసి చూసుకోండి.) వంగడం దగ్గర మొదలై చావు దాకా ఒకే క్రియ నడుస్తుంది. "ఒకసారి చూస్తే ఊరు ఒరుగుతుంది, ఇంకోసారి చూస్తే రాజ్యమే ఒరుగుతుంది." చదివేవాడు ఏ అర్థం కావాలంటే అది తీసుకుంటాడు.

గోదారిగట్టు:
ఒరుగు అనగానే నాకు మామిడి ఒరుగులు గుర్తొచ్చాయి, క్షమించాలి. ఎండాకాలం మా మేడమీద మిగతా లోకం కనపడేది కాదు.

వరంగల్ అమ్మాయి:
మా దిక్కు ఒర్రుడు అంటే అరవడం. "ఎందుకట్ల ఒర్రుతున్నవ్" అంటారు. ఊరు ఒరిగింది అని రాస్తే మా నానమ్మ ఊరంతా అరిచింది అనుకుంటుంది. అందగత్తెను చూసి ఊరంతా అరిచినా తప్పేం లేదనుకోండి.

మరో మాట. ఒరగడానికి లాభం అనే అర్థం కూడా ఉంది కదా? "నాకు ఒరిగిందేమిటి", "పెద్ద ఒరగబెట్టావులే". ఊరు ఒరిగింది, రాజ్యం ఒరిగింది, చివరికి ఎవరికైనా ఒరిగిందేముంది? ఆ పిల్లకైతే ఏమీ లేదు. ఈ శ్లేష చైనీస్‌లో ఉండదని పందెం.

సబ్‌టైటిల్ కూలి:
ఉండదు. పందెం మీదే.

మొదటాట:
మీరంతా పాటలో పడి సినిమా మర్చిపోయారు. నేను రెండుసార్లు చూశాను. పాట గొప్పదే, ఒప్పుకుంటా. డోళ్ళ సీను గురించి కూడా గొడవ లేదు. గుండ్రంగా నిలబెట్టిన డోళ్ళ మధ్య ఆ పిల్ల, అధికారి ఒక గింజ విసురుతాడు, అది ఏ డోలుకి తగిలితే ఆ డోలునే ఆమె తన అంగీ పొడవాటి చేతి అంచుతో కొడుతుంది. చివరికి గిన్నెడు గింజలూ కుమ్మరిస్తాడు. ఒళ్ళు గగుర్పొడిచింది. కానీ తరవాత? ప్రేమికుడుగా నటించేవాడు సర్కారు గూఢచారి, వాడి స్నేహితుడు తిరుగుబాటుదారుల గూఢచారి, గుడ్డిపిల్ల గుడ్డిది కాదు. ముసుగు తీస్తే ముసుగు. మూడో ముసుగు దగ్గర నాకు ఆశ్చర్యం అయిపోయి ఆవులింత వచ్చింది.

అన్నిటికన్నా ముఖ్యం, సర్కారు సైన్యం వెదురుతోపులో పాక్కుంటూ తిరుగుబాటుదారుల స్థావరం వైపు వెళ్తుంది. అయిపోయింది! ఆ యుద్ధం ఏమైందో సినిమా చెప్పదు. మూడు పాత్రలు మంచులో కొట్టుకుంటుంటే సినిమా పూర్తవుతుంది. మాటు వేశారు అని పేరు పెట్టి మాటు ఏమైందో చెప్పకపోవడం కథనం కాదు. చైనాలోనే "బొమ్మ బాగుంది, కథ లేదు" అని గట్టిగా విమర్శించారు. బయటివాళ్ళకే అర్థం కాలేదన్న వాదన నిలవదు.

సబ్‌టైటిల్ కూలి:
ఆ విమర్శలు నిజమే, అక్కడ నేను తగ్గుతాను. యుద్ధం గాలిలో వేలాడుతున్న మాటా నిజమే. దాని వెనక ఒక విషాదం ఉంది. హాంకాంగ్ నటి, గాయని అనితా మూయి ఇందులో ఒక ముఖ్యపాత్ర వేయాల్సింది. 2003 డిసెంబరు 30న క్యాన్సర్‌తో పోయింది. ఆ పాత్రకి ఇంకొకరిని తీసుకోకుండా జాంగ్ యీమో స్క్రిప్టే మార్చుకున్నాడు. సినిమాను ఆమెకే అంకితమిచ్చాడు. కథలో చిల్లు ఉంది, కానీ దాని ఆకారం ఒక మనిషిది.

మొదటాట:
అది తెలియదు. తెలిశాక కాస్త మెత్తబడ్డాను. అయినా ప్రేక్షకుడు చూసేది తెరను, కారణాన్ని కాదు.

రిటైర్డ్ మాస్టారు:
ఆ మాట సరైనదే.

అచ్చుతప్పు:
మంచు సంగతి ఎత్తారు కాబట్టి ఒకటి చెప్తాను. మా వాడు రాసిన వ్యాసంలో "ఆకులు రాలే కాలంలో మొదలైన కత్తియుద్ధం మంచు కురిసేదాకా సాగుతుంది, దర్శకుడి దృశ్య ప్రణాళికకు పరాకాష్ఠ" అని ఒక పేరా ఉంది. వెతికితే తెలిసింది, ఆ భాగం ఉక్రెయిన్‌లో తీస్తుండగా అనుకోకుండా ముందే మంచు పడిందట. ఆగకుండా అలాగే తీశారు. ప్రణాళికా లేదు, పరాకాష్ఠా లేదు. ఆ పేరా నేనే కొట్టేశాను.

గోదారిగట్టు:
ఎందుకు కొట్టేశారండీ! అనుకోకుండా పడినా, ఉంచుకోవడం దర్శకుడి పనే కదా. ఒక్క పోట్లాటలో రుతువు మారిపోతే, వాళ్ళు ఎంతసేపు కొట్టుకున్నారో చూసేవాడికి మాట అవసరం లేకుండా తెలిసింది. మాస్టారి లెక్కలో అది అభినయం కిందికి వస్తుందో రాదో గానీ, నా లెక్కలో అది కథే.

రిటైర్డ్ మాస్టారు:
వస్తుంది. ప్రకృతి అభినయించింది అనుకుందాం. నేను మొదట 'అందం కాదు' అన్నది మరీ బిగించి అన్నాను. కాళిదాసు మాళవికాగ్నిమిత్రంలో నాట్యాన్ని "శాంతం క్రతుం చాక్షుషం" అన్నాడు. కళ్ళతో చేసే శాంతమైన యజ్ఞం. కన్నుకు విందు పెట్టడాన్ని మనవాళ్ళు ఎప్పుడూ తక్కువ చేయలేదు. కన్ను వేరు, కథ వేరు అని ఎప్పుడో మనం పంపకాలు చేసుకున్నాం, ఆ తరవాతే దృశ్యకావ్యం అనే మాట పోస్టరెక్కింది.

వరంగల్ అమ్మాయి:
ఇంకో సినిమా పేరు కూడా అడగాలి. ఆంగ్ లీ 2000లో తీసిన 'క్రౌచింగ్ టైగర్, హిడెన్ డ్రాగన్'. దానికీ ఇలాంటి కథే ఉందా?

సబ్‌టైటిల్ కూలి:
ఉంది. 'వో హు త్సాంగ్ లొంగ్' నాలుగు అక్షరాల నానుడి. పైకి కనపడని గొప్పవాళ్ళు ఉన్న చోటు అని అర్థం, మన మట్టిలో మాణిక్యాలలాగా. పైగా ప్రేమజంటలో అబ్బాయి పేరులో పులి (హు), అమ్మాయి పేరులో డ్రాగన్ (లొంగ్) ఉన్నాయి. అక్కడా పేరు కథ చెప్తోంది, మనకు జంతుప్రదర్శనశాల వినిపిస్తోంది.

అచ్చుతప్పు:
సరే, మా వాడికి ఈ చర్చ అంతా పంపాను. 'కథ లేని దృశ్యకావ్యం' తీసేసి 'కథ చిల్లులు పడిన దృశ్యకావ్యం' అన్నాడు. మాస్టారూ, సరిపోతుందా?

రిటైర్డ్ మాస్టారు:
ఒళ్ళుంది, గాయాలున్నాయి. వ్యాకరణానికి అభ్యంతరం లేదు.

అచ్చుతప్పు:
పాటను కూడా పెడదామంటున్నాడు. వాడి తర్జుమా: "ఓరచూపు ఒకటి, ఊరు ఒరిగిపోయె." ప్రాసలాగా బాగుంది కదా అంటున్నాడు.

సబ్‌టైటిల్ కూలి:
చెవికి బాగుంది. కానీ ఓరచూపు వద్దు. ఓరచూపు చూసేది ఎవరినైనా పడగొట్టాలనుకునే మనిషి. పాటలో ఆమె ఎవరి జోలికీ రాకుండా దూరంగా నిలబడి ఉంది. ఊరికే తల తిప్పింది, అంతే. ఊరు ఒరిగింది దాని ఖర్మకొద్దీ.

వరంగల్ అమ్మాయి:
పాటలో ఆమె సంగతి సరే. కానీ సినిమాలో ఆ పిల్ల నిజంగానే పడగొట్టడానికి వచ్చింది కదండీ? అక్కడ ఓరచూపే సరైన మాట.

మొదటాట:
చివర్లో ఆమె మంచులో పడి ఉంటే అదే పాట ఆ ప్రేమికుడు పాడతాడు. అప్పుడు ఏ మాట పెడతారు?

సబ్‌టైటిల్ కూలి:
ఆగండి. పాడుతున్నప్పుడు ఆమె ఒక్కసారైనా తల తిప్పుతుందో లేదో నాకు గుర్తు లేదు. ఈ రాత్రి మళ్ళీ పెట్టి చూసి చెప్తాను.