మన పడమటి గాలి, కాలిఫోర్నియా శాంటా ఆనా గాలి ఒకటేనా?

ప్రశ్న (ఇబ్రహీంపట్నం, విజయవాడ):
సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మాయి కుటుంబం లాస్ ఏంజిలస్ దగ్గర పాసడీనాలో ఉంటున్నది. 2025 జనవరి 7 రాత్రి ఈటన్ కార్చిచ్చు చెలరేగినప్పుడు వారు పిల్లలను, పాస్‌పోర్టులను మాత్రం తీసుకొని ఇల్లు వదిలి వెళ్లారు. ఆ మంటను తోలిన శాంటా ఆనా గాలి తీరును ఆమె ఫోనులో చెబుతుంటే నాకు రోహిణి కార్తెలో మన మీదికి వచ్చే పడమటి గాలి గుర్తుకు వచ్చింది. మా ఇల్లు కొండపల్లి కొండలకు దగ్గర. మే నెలలో పొద్దెక్కి గాలి పడమటికి తిరిగిందంటే డాబా మీద ఆరవేసిన తడి దుప్పటి కాసేపటికే గంజి పెట్టినట్టు బిరుసెక్కుతుంది. కొన్ని రాత్రులు కొండవాలున ఎండుగడ్డి అంటుకొని, ఎర్రటి గీతలా పైకి పాకడం మేడ మీద నుంచి కనిపిస్తుంది. ఈ రెండూ ఒకే రకం గాలులా? అక్కడ జరిగినది ఇక్కడా జరగవచ్చునా?

జవాబు 1 (గుంటూరు, విశ్రాంత భౌతికశాస్త్ర అధ్యాపకుడు):
అమ్మా, రెండింటికీ చుట్టరికం ఉన్నది గానీ పుట్టుక వేరు. శాంటా ఆనా సంగతి చూస్తే, కాలిఫోర్నియాకు తూర్పున ఉన్న నెవాడా, యూటా రాష్ట్రాల ఎత్తైన ఎడారి మీద చల్లని గాలి పేరుకొని పీడనం పెరిగినప్పుడు, అది కొండ కనుమల్లో ఇరుకుపడి, వేగం పుంజుకొని సముద్రం వైపు దిగుతుంది. అలా దిగే పొడిగాలి కిలోమీటరుకు సుమారు 10 డిగ్రీల చొప్పున వేడెక్కుతుంది, వేడెక్కినకొద్దీ అందులోని సాపేక్ష తేమ (గాలి పట్టగలిగినంత తేమలో నిజంగా ఉన్న వాటా) పడిపోతుంది. అందుకే శాంటా ఆనా జనవరిలో కూడా వీస్తుంది. మన పడమటి గాలి ఎండకు కాగిన దక్కన్ నేల మీదుగా వచ్చేది. హైదరాబాద్ 500 మీటర్ల ఎత్తున, విజయవాడ 30 మీటర్ల లోపున ఉన్నాయి కనుక దిగుడు వల్ల కూడా కొంత వేడి తోడవుతుంది; అయితే ఆ వాలు రెండు వందల కిలోమీటర్లకు పైగా నిదానంగా సాగుతుంది కాబట్టి ఆ ఉరవడి ఉండదు. సాయంత్రం సముద్రపు గాలి లోపలికి వస్తే మనకు ఊపిరి అందుతుంది. పడమటి గాలి దానిని అడ్డుకున్న రోజులలోనే పాదరసం 45 దాటుతుంది. 2015 మే నెల వడగాడ్పులకు మన రాష్ట్రంలో వెయ్యిమందికి పైగా చనిపోయారన్న సంగతిని నేను ఈనాటికీ మరచిపోలేను.

జవాబు 2 (పల్నాడు, అటవీ పనులలో చాలా ఏళ్లు ఉన్నవాడిని):
గాలి నిప్పును పుట్టించదు, ఉన్న నిప్పును తోలుతుంది. మనవి ఆకురాల్చే అడవులు కనుక మంట ఎక్కువగా రాలిన ఆకును, బోదగడ్డిని తింటూ నేల మీదనే పాకుతుంది, చెట్ల తలలకు ఎక్కడం అరుదు. అయితే వాలు ప్రతి 10 డిగ్రీలు పెరిగితే మంట వేగం దాదాపు రెట్టింపు అవుతుంది. మీరు చూసిన ఎర్రగీత పైకి పరుగెత్తడానికి కారణం అదే. ఇప్పపువ్వు ఏరేందుకు చెట్టు కింద ఆకు తగలబెట్టడం, కొత్త గడ్డి మొలుస్తుందని పశువుల కాపరులు నిప్పు పెట్టడం, ఆర్పకుండా పారవేసిన బీడీ, మాకు ఎదురైనవి చాలావరకు ఇవే. మేము పచ్చికొమ్మలతో కొట్టి ఆర్పేవాళ్లం. మంటకు ఎదురుగా, దాని పైవాలున మాత్రం ఎన్నడూ నిలబడేవాళ్లం కాదు. దయచేసి మీరెవరూ సొంతంగా కొండ ఎక్కవద్దు, 101కు ఫోను చేయండి. భారత అటవీ సర్వే సంస్థ ఉపగ్రహాల ద్వారా గుర్తించిన మంటల సమాచారాన్ని ఫోనుకు పంపుతుంది, దానికి ఎవరైనా పేరు నమోదు చేసుకోవచ్చు.

జవాబు 3 (తెనాలి దగ్గర రైతు):
అడవి లేకపోయినా భయం ఉన్నదండి. మూడేళ్ల కిందట పడమటి గాలికి కరెంటు తీగలు ఒకదానికొకటి రాసుకొని, రాలిన రవ్వతో మా వరిగడ్డి వాము అంటుకున్నది. కాలుతున్న గడ్డిపరకలు ఎగిరి రెండు చేల అవతల ఉన్న పాక మీద పడ్డాయి. గేదెలను విప్పగలిగాము, పాక దక్కలేదు. ఆ కాలిఫోర్నియాలో కూడా నిప్పురవ్వలే ఎగిరి ఇళ్లను అంటించాయని, గాలి ఎక్కువైన రోజున అక్కడ ముందుగానే కరెంటు ఆపివేస్తారని తరువాత చదివాను. ఇప్పుడు వాముకూ పాకకూ మధ్య దూరం పెంచి, చుట్టూ దుక్కి దున్ని ఉంచుతున్నాను.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ కృతజ్ఞతలు. మా ప్రహరీకి అవతల కొండవాలు వైపు నడుమెత్తు ఎండుగడ్డి ఉన్నది. ఈ ఆదివారమే మనుషులను పెట్టి కోయిస్తాను, కోసిన గడ్డిని అక్కడ తగలబెట్టవద్దని కూడా చెబుతాను.