డిసెప్షన్ ఆటల్లో ఉచ్చుల గొలుసు రెండో దెబ్బకే ఎందుకు తెగిపోతోంది?

మూడోగది (ప్రశ్న):

నమస్కారం. వెంటాడి వచ్చే శత్రువులను కత్తితో గానీ తుపాకీతో గానీ కాకుండా, నేలలోనూ గోడలోనూ పైకప్పులోనూ దాచిన ఉచ్చులతోనే ఓడించవలసిన డిసెప్షన్ అనే వీడియో ఆటల గురించి చాలాకాలంగా వింటూ వచ్చి, ఈమధ్యే 2014 నాటి నాలుగో భాగం బ్లడ్ టైస్‌ను మొదలుపెట్టాను. ఒక్కొక్క ఉచ్చును విడిగా ప్రయోగించడం నాకు అలవడింది. వాటిని గొలుసుగా కలపడమే చేతకావడం లేదు.

నేను సాధారణంగా చేసేది ఇది. నేల మీద కాలిని కరిచి పట్టే ఉచ్చును పెట్టి, దానికి ఎదురుగా పైకప్పు నుంచి ఊగే గొడ్డలిని అమర్చి, ఆ దెబ్బకు మనిషి వెళ్ళి పడతాడనుకున్న చోట స్ప్రింగ్ పలకను సిద్ధంగా ఉంచుతాను. మొదటి రెండూ తగులుతాయి. కానీ ఆ మనిషి నేననుకున్న గడిలో కాకుండా దాని పక్క గడిలో పడి లేస్తాడు, స్ప్రింగ్ పలక ఎవరూ లేని గాలిని ఎగరగొడుతుంది, అవి తిరిగి సిద్ధమయ్యేలోపు నేను గదులు మారుతూ పరుగెత్తవలసి వస్తుంది. దూరంగా నిలబడి బాణాలు వేసేవారి విషయంలోనైతే మొదటి ఉచ్చు దాకా కూడా పోవడం లేదు, ఎందుకంటే వారు నా వైపు నడిచి రానే రారు.

నా లెక్క ఎక్కడ తప్పుతోందో తెలిసినవారు చెప్పగలరా? ఉచ్చుల సంఖ్య తక్కువగా ఉండే పాత భాగాలతో మొదలుపెట్టి ఉంటే ఈ విద్య సులభంగా పట్టుబడేదా అన్నది నా రెండో సందేహం.

నిదానం:

మూడోగది గారూ, గాలిని కొట్టింది మూడో ఉచ్చే అయినా లోపం రెండోదానిలో ఉంది. కొత్తగా ఆడేవారిలో ఎక్కువమంది ఉచ్చును అది చేసే నష్టాన్ని బట్టి ఎంచుకుంటారు; నేనూ చాలా రోజులు అలాగే ఎంచుకున్నాను. గొలుసు కట్టదలచినవారు చూడవలసింది నష్టాన్ని కాదు, ఆ ఉచ్చు తగిలిన తరువాత మనిషి ఏ గడిలో, ఏ స్థితిలో ఉంటాడన్నది. కాలిని పట్టే ఉచ్చు మనిషిని ఉన్నచోటే నిలిపివేస్తుంది. స్ప్రింగ్ పలక పైకెత్తి ఒక దిశలో విసురుతుంది. గోడలోంచి ముందుకు పొడుచుకు వచ్చేది నెట్టుతుంది, అయస్కాంతపు గోడ లాక్కుంటుంది. తలకు గుమ్మడికాయ ముసుగు తగిలించే ఉచ్చు మనిషిని పడేయకుండా, కళ్ళు కనబడక తడబడుతూ నడిచేటట్టు చేస్తుంది. నిలపడం, విసరడం, నెట్టడం, లాగడం, గుడ్డిగా నడిపించడం అనే ఈ ఐదు పనులుగా మీ పెట్టెలోని ఉచ్చులన్నిటినీ విడదీసుకుంటే సగం చిక్కు విడిపోతుంది.

మీ గొలుసులో ఊగే గొడ్డలి నెట్టే రకానికి చెందుతుంది. దాన్ని అమర్చేటప్పుడు అది ఏ దిశలో ఊగాలో మీరే తిప్పి నిర్ణయిస్తారు కదా, మనిషి పడేది ఆ దిశలోనే. చాలామంది శత్రువు ముఖం ఎటు ఉంటే దానికి వెనుకవైపు పడతాడని ఊహించుకుని అక్కడ పలక పెడతారు. మీరు చెప్పిన పక్క గడి సంగతి చూస్తే మీకూ అదే జరుగుతోందని నా అనుమానం. బలహీనుడైన ఒక శత్రువు మిగిలి ఉన్నప్పుడు ఒకే ఒక ఉచ్చును పెట్టి, అది అతన్ని ఎన్ని గడుల దూరం పంపుతుందో రెండు మూడుసార్లు లెక్కపెట్టి చూడండి. విసుగు పుట్టించే పనే, కానీ ఆ అంకెలు తెలియకుండా నాలుగు ఉచ్చుల గొలుసు కట్టడం కొలత తీసుకోకుండా బట్ట కత్తిరించడం వంటిది.

గొలుసును నేను చివరి నుంచి కడతాను. ఆ గదిలో ముందే స్థిరంగా ఉన్న యంత్రం ఏదో, ఉదాహరణకు పైన వేలాడే దీపాల గుత్తి గానీ మెట్ల మీదుగా దొర్లించగల బండరాయి గానీ, దాన్ని చివరి దెబ్బగా నిర్ణయించుకుని, అక్కడికి మనిషిని చేర్చే ఉచ్చు ఏది, దాని ముందుది ఏది అని వెనక్కి లెక్కించుకుంటూ వస్తాను. కాలిని పట్టే ఉచ్చు చాలాసార్లు మొదటి స్థానంలోనే ఉంటుంది, ఎందుకంటే అది పట్టి ఉంచే ఆ కొద్ది క్షణాల్లో మిగతావన్నీ సిద్ధమయ్యాయో లేదో చూసుకునే వీలు కలుగుతుంది.

పాతడిస్క్:

రెండో సందేహానికి నేను జవాబు చెబుతాను. పాత భాగాలతో మొదలుపెట్టడమే మంచిది, అయితే మొట్టమొదటిదానితో కాదు. 1996లో టెక్మో సంస్థ ప్లేస్టేషన్ మీద తెచ్చిన మొదటి భాగంలో మనం గదులను పాత్ర కళ్ళలోంచి చూస్తాం. తండ్రిని చంపాడన్న అబద్ధపు నేరం మోపబడిన యువరాజు దయ్యపు కోటకు చేరి తన మీదికి వచ్చేవారిని ఉచ్చుల్లో పడవేసే కథ అది. కథ చిక్కగా ఉంటుంది గానీ, వెనుక ఎవరు వస్తున్నారో తిరిగి చూస్తే తప్ప తెలియని ఆ చూపులో గొలుసులు కట్టడం నేర్చుకోవాలంటే చాలా ఓపిక కావాలి.

మీరు వెతుకుతున్న బడి 1998 నాటి రెండో భాగం కగెరో. అందులో చూపు పాత్ర వెనుకకు మారింది, మిలేనియా అనే కథానాయిక వచ్చింది, ఉచ్చుల నియమం కూడా చాలా కఠినంగా, చాలా స్పష్టంగా స్థిరపడింది. నేలకు ఒకటి, గోడకు ఒకటి, పైకప్పుకు ఒకటి, మొత్తం మూడు. ప్రతిదానికీ ఒక బటన్ ఉంటుంది, పెట్టిన వెంటనే పనిచేయదు, నిండడానికి కొంత సమయం పడుతుంది. మూడింటితోనే సరిపెట్టుకోవాలి కాబట్టి, ప్రతి ఒక్కటీ మనిషిని ఎక్కడికి పంపుతుందో నిదానం గారు చెప్పినట్టు తెలుసుకోక తప్పదు. నాలుగో భాగంలో అమర్చడానికి ఎన్నో ఉండడం వల్ల, ఒకటి తప్పినా మరొకటి తగులుతుందిలే అన్న బద్ధకం మనలో పెరుగుతుంది. ఇది నా అభిప్రాయమే, దీనితో విభేదించేవారు చాలామందే ఉన్నారు.

మూడో భాగం జపాన్‌లో 1999లోనూ, ఆ తరువాత రాకుమారి అల్లూరా కథ అయిన ట్రాప్ట్ ప్లేస్టేషన్ 2 మీద 2005లోనూ వచ్చాయి. వాటిని తరువాత ఆడినా ఫర్వాలేదు.

అడగని సంగతి ఒకటి చెబుతాను, మన్నించండి. ఈ ఆటలు మన మీదికి వచ్చే ప్రతి మనిషి గురించీ రెండు మూడు వాక్యాలు రాసి పెడతాయి. ఒకడు బహుమానపు డబ్బు కోసం వస్తాడు, ఒకడు మన చేతిలో చనిపోయినవాడి తరఫున పగ తీర్చుకోవడానికి వస్తాడు, ఒకడికి రాక తప్పని అవసరం ఏదో ఉంటుంది. దాన్ని చదివిన తరువాత అరటి తొక్క మీద జారిపడేటట్టు చేసి నవ్వుకోవడం నాకు కొన్నిసార్లు ఇబ్బందిగానే అనిపించింది. నాలుగో భాగంలో కథానాయిక లేగ్రిన్నా వెంట ఉండే ముగ్గురు దయ్యపు సేవకురాళ్ళలో ఒకరు నేర్పును, ఒకరు క్రూరత్వాన్ని, ఒకరు అవమానాన్ని మెచ్చుకుని వేర్వేరుగా మార్కులు వేస్తారు కాబట్టి, ఆ ఇబ్బందిని ఆట కావాలనే తవ్వి బయటికి తీస్తున్నదని అనుకుంటున్నాను.

ఇటుకగొయ్యి:

పాతడిస్క్ గారి చివరి మాట మీద వేరే చర్చ పెట్టుకోవచ్చు, ఇక్కడ గొలుసు దగ్గరే ఉందాం. నిదానం గారు చెప్పిన కొలతలన్నీ సరైనవే. కానీ గొలుసును చివరి నుంచి కట్టాలన్న సలహాతో నేను ఏకీభవించలేకపోతున్నాను. మూడోగది గారు తమ ప్రశ్నలో మూడు ఉచ్చుల స్థానాలూ చెప్పారు. ఒక్క స్థానం మాత్రం చెప్పలేదు, తాము ఎక్కడ నిలబడ్డారన్నది. వెంటాడేవాడు నడిచేది ఉచ్చు వైపుకు కాదు, మన వైపుకు. కాబట్టి అన్నిటికంటే ముందు పెట్టవలసిన ఎర మనమే, మిగతావన్నీ ఎరకూ వేటగాడికీ మధ్య గీసిన గీత మీద సర్దుకోవాలి.

ఈ మాట నాకు డిసెప్షన్ ఆటలు నేర్పలేదు, 1983లో వచ్చిన లోడ్ రన్నర్ నేర్పింది. డగ్లస్ స్మిత్ రూపొందించిన ఆ ఆటలో మన మనిషి ఎగరలేడు, కొట్టలేడు, తన కాళ్ళ కింద కూడా తవ్వుకోలేడు. చేయగలిగిందల్లా ఎడమకో కుడికో పక్కనున్న ఇటుకలో గొయ్యి తీయడమే. కాపలావాడు ఆ గోతిలో పడతాడు, మనం అతని తల మీదుగా నడిచి వెళ్ళిపోవచ్చు, కొంతసేపటికి అతను పైకి ఎక్కుతాడు, ఎక్కేలోపు ఇటుక మూసుకుంటే చనిపోయి మళ్ళీ పైనుంచి పుడతాడు. కాపలావాడు ఏ నిచ్చెన ఎక్కుతాడన్నది మనం ఏ అంతస్తులో నిలబడ్డామన్న దాన్ని బట్టి మారిపోతుంది. అందుకే 150 దశల్లో చాలావాటిని గోతులతో కాకుండా, ఎక్కడ ఆగి ఎంతసేపు ఎదురుచూడాలన్న లెక్కతో గెలుస్తాం. దానికంటే ముందు, 1979లో టోక్యో విశ్వవిద్యాలయపు విద్యార్థి బృందం చేసిన హెయియాన్‌క్యో ఏలియన్‌లోనూ గొయ్యి తవ్వడం, అందులో పడ్డదాన్ని మట్టితో పూడ్చడం అనే ఈ రెండు పనులే ఉండేవి.

ఇప్పుడు మీ విలుకాళ్ళ సంగతి. వారు నడిచి రారన్నది పూర్తిగా నిజం కాదు. మీరు కనబడినంతసేపూ రారు. ఒక స్తంభం వెనకకో తలుపు మలుపుకో వెళ్ళి చూపు తెగేటట్టు నిలబడితే, మిమ్మల్ని వెతుక్కుంటూ వచ్చి, మీరు మళ్ళీ కనబడగానే ఆగుతారు. అలా ఆగే గడి దాదాపు ప్రతిసారీ ఒకటే అవుతుంది. కాలిని పట్టే ఉచ్చును అక్కడ పెట్టండి. మీ గడి మారితే వారు ఆగే గడి కూడా మారుతుంది కనుక, ఉచ్చు ప్రయోగించేదాకా కదలకుండా నిలబడగలగాలి. బాణం ఎక్కుపెడుతుంటే కదలకుండా ఉండడం కష్టమే, ఒప్పుకుంటాను.

నిదానం:

ఇటుకగొయ్యి గారి దిద్దుబాటు న్యాయమైనదే. చివరి నుంచి కట్టడం అని నేను అన్నది కాగితం మీద లెక్కకు సంబంధించింది. అమలులో పెట్టేటప్పుడు ముందుగా ఎర స్థానాన్ని స్థిరపరచుకోవాలన్న మాట నేను రాయకుండా వదిలేశాను, అలవాటైపోయిన పనిని చెప్పడం మరిచిపోవడం వంటిది అది.

ఒక చిన్న చేర్పు. శత్రువులందరి మీదా అన్నీ పనిచేయవు. ఆటలో మనకుండే దయ్యపు కన్ను అనే చూపుతో ముందుగా చూస్తే ఎవరి మీద ఏ రకం ఉచ్చు పనిచేయదో కనబడుతుంది. కొందరు నేల ఉచ్చులను తప్పించుకుంటారు, అటువంటివారికి గొలుసును గోడ నుంచి మొదలుపెట్టాలి. నాలుగో భాగాన్నే విస్తరించి తెచ్చిన 2015 నాటి నైట్‌మేర్ ప్రిన్సెస్‌లో వెల్గిరీ అనే రెండో కథానాయికకు కాలితో తన్నే శక్తి ఇచ్చారు. ఉచ్చుల ఆటలో తన్నడం ఏమిటని మొదట నేను కూడా సణుక్కున్నాను, కానీ ఆ తన్ను ప్రధానంగా పనికివచ్చేది ఒక గడి పక్కకు తప్పిన మనిషిని ఉచ్చు మీదికి జరపడానికే.

మూడోగది:

అందరికీ కృతజ్ఞతలు. మీ సలహాలతో నిన్న రాత్రి ఒకే గదిని చాలాసార్లు ఆడి చూశాను. గొడ్డలి దిశ విషయంలో నిదానం గారి అనుమానం అక్షరాలా నిజం. శత్రువు వెనకవైపు అనుకుని నేను పలకను ఇన్నాళ్ళూ తొంభై డిగ్రీల పక్కన పెడుతున్నాను. దిశ సరిచేసి, ఇటుకగొయ్యి గారు చెప్పినట్టు తలుపుకు ఎదురుగా ఒక గడిని నాకోసం ఎంచుకుని కదలకుండా నిలబడితే, కాలి ఉచ్చు, గొడ్డలి, స్ప్రింగ్ పలక, అయస్కాంతపు గోడ నాలుగూ మొదటిసారిగా ఒక్క వరసలో తగిలాయి. విలుకాడిని స్తంభం వెనక నుంచి రప్పించడం మూడో ప్రయత్నంలో కుదిరింది.

ఆ ఉత్సాహంలో మెట్ల మీది బండరాయిని కూడా గొలుసు చివర తగిలించాను. శత్రువు దాని దారిలోకి సరిగ్గానే వచ్చి పడ్డాడు. నేను ఎరగా ఎంచుకున్న గడి కూడా ఆ దారిలోనే ఉందన్న సంగతి బటన్ నొక్కిన తరువాత గానీ గమనించలేదు. తాను తీసిన గోతిలో తానే పడడం అన్న మాటను ఇంత స్పష్టంగా ఎప్పుడూ చూడలేదు. కగెరోను కూడా సంపాదించే ప్రయత్నంలో ఉన్నాను. అందులోనూ మన ఉచ్చులు మనకే తగులుతాయా?

పాతడిస్క్:

తగులుతాయి. మూడే ఉన్నాయి కదా అని ధైర్యపడకండి.