చవక సూపర్‌మార్కెట్‌లో మంచి తిండి దొరుకుతుందా, మనల్ని మనం నమ్మించుకుంటున్నామా?

తూకంరాయి
వేరే చర్చలో ఒకాయన "డిస్కౌంట్ సూపర్‌మార్కెట్‌లో కొనేవాళ్లకి నాలుక చచ్చిపోయి ఉంటుంది" అని ఒక్క ముక్క పారేసి వెళ్లిపోయారు. అక్కడ జవాబిస్తే ఆ చర్చ పాడవుతుందని ఇక్కడ మొదలుపెడుతున్నా. నేను చెప్పేది ఒక్కటే. ఏది కొనాలో తెలిస్తే ఈ షాపుల్లో చాలా మంచి తిండి దొరుకుతుంది. తెలియకపోతే ఖరీదైన షాపులోనూ చెత్తే ఇంటికి తెచ్చుకుంటాం.

అసలు చవకగా ఎలా ఇస్తారో చూడండి. ఆల్డీ అనే డిస్కౌంట్ గొలుసు షాపునే తీసుకోండి. జర్మనీలోని ఎస్సెన్‌లో తల్లి నడిపిన చిన్న దుకాణాన్ని కార్ల్, థియో ఆల్బ్రెక్ట్ అనే అన్నదమ్ములు 1946లో చేతికి తీసుకుని, తక్కువ రకాలు పెట్టి ఎక్కువ అమ్మడం అనే పద్ధతి పట్టుకున్నారు. మామూలు పెద్ద సూపర్‌మార్కెట్‌లో 30,000 రకాల సరుకు ఉంటే ఇలాంటి చోట రెండు వేలు, అటూ ఇటూ. టమాటా డబ్బాలు పది కంపెనీలవి ఉండవు, ఒకటో రెండో ఉంటాయి. సరుకు వచ్చిన అట్టపెట్టెకే ముందు భాగం చింపి అరలో పెట్టేస్తారు. బార్‌కోడ్‌ని ప్యాకెట్ మీద ఒకటికి రెండు వైపులా పెద్దగా ముద్రిస్తారు, కౌంటర్ దగ్గర మనిషి తిప్పి వెతుక్కోకూడదని. ప్రకటనలకి బ్రాండ్లు పెట్టే ఖర్చు ఉండదు, ఎందుకంటే సరుకులో ఎక్కువ భాగం షాపు సొంత లేబులే. తగ్గింపు చాలావరకు అక్కడినుంచి వస్తోంది, సరుకులోంచి కాదు. చాలా సార్లు పెద్ద బ్రాండు సరుకు తయారయ్యే ఫ్యాక్టరీలోనే ఇదీ తయారవుతుంది.

నేను కళ్లు మూసుకుని కొనేవి: గడ్డకట్టించిన బఠాణీ, పళ్లు (కోసిన కాసేపటికే గడ్డకట్టిస్తారు, అరలో వారంగా వాడిపోతున్న "తాజా" వాటికన్నా నయం), డబ్బా టమాటా, ఓట్స్, ఎండు బీన్స్, వెన్న, డార్క్ చాక్లెట్. కొననివి: సాస్‌లు, రెడీమేడ్ భోజనాలు, పళ్ల రుచి కలిపిన పెరుగు.

పాతబిల్లు
"అదే ఫ్యాక్టరీ" అన్నారు. ఏ ఫ్యాక్టరీ? పేరు చెప్పండి. ఈ మాట ఎక్కడ చూసినా కనిపిస్తుంది, చెప్పేవాళ్లెవరూ ఆ ఫ్యాక్టరీ గేటు కూడా చూసి ఉండరు.

అర్ధరాత్రి_ఆకలి
బిస్కెట్లు మాత్రం చవక షాపువే బాగుంటాయి. ఇంక చర్చ అనవసరం.

తూకంరాయి
పాతబిల్లు గారూ, నేను రాసిన దాంట్లో ఆ ఒక్క వాక్యమే కనిపించిందా? సరే. మాంసం, పాల సరుకు ప్యాకెట్ల మీద యూరప్‌లో కోడిగుడ్డు ఆకారంలో ఒక ముద్ర ఉంటుంది, లోపల దేశం గుర్తు, ఆ యూనిట్ ఆమోదం నంబరు. రెండు ప్యాకెట్లు పక్కపక్కన పెట్టి చూడండి. నంబరు ఒకటే అయితే ఒకే చోట తయారైందని అర్థం. నేను ఊహించి చెప్పడం లేదు.

పాతబిల్లు
ఆ నంబరు గోడలు ఒకటేనని చెబుతుంది. లోపల గిన్నెలో ఏం పోశారో చెప్పదు. ఒకే లైను మీద పొద్దున ఒక రెసిపీ, మధ్యాహ్నం ఇంకో రెసిపీ నడుస్తుంది. షాపు వాళ్లు ఒక కాగితం ఇస్తారు: కొవ్వు ఇంత, పండు ఇంత, ధర ఇంతకి మించకూడదు. ఆ కాగితం ప్రకారమే చేస్తారు. బ్రాండు సరుకులో 40 శాతం ఉన్న పండు ఇందులో 25 అవ్వొచ్చు. మిగతాది చక్కెర, చిక్కబరిచే పిండి. "ఒకే ఫ్యాక్టరీ, కాబట్టి ఒకే సరుకు" అనేది అమ్మేవాడికి పనికొచ్చే మాట. మీరు దాన్ని ఊరికే ప్రచారం చేసి పెడుతున్నారు.

తూకంరాయి
ఒకే సరుకు అని నేను ఎక్కడ రాశాను? పైకి వెళ్లి మళ్లీ చదవండి. సాస్‌లు కొనను అని రాసింది అందుకే కదా! పది పదార్థాలు కలిసిన దాంట్లో దాచడం తేలిక. ఒకటే పదార్థం ఉన్న దాంట్లో దాచడానికి ఏముంటుంది? బఠాణీ ప్యాకెట్‌లో బఠాణీయే ఉంటుంది.

పదార్థాల పట్టీ బరువు ప్రకారం ఎక్కువ నుంచి తక్కువకి రాయాలన్నది చాలా దేశాల్లో చట్టం. చక్కెర రెండో పేరుగా ఉంటే ఆ సీసా కింద పెట్టేయండి, అది ఏ షాపైనా. చాక్లెట్‌లో కోకో శాతం, జామ్‌లో పండు శాతం చూడండి. ఆరెంజ్ జ్యూస్ పక్కన "డ్రింక్" అనే మాట చిన్న అక్షరాల్లో ఉందేమో చూడండి. కొన్నిటికైతే షాపుతో పనే లేదు. పార్మిజానో రెజ్జానో చీజ్ అని ముద్ర పడాలంటే కనీసం 12 నెలలు ముదరాలి. షాంపేన్ అని వైన్‌కి పేరు పెట్టాలంటే అది ఫ్రాన్స్‌లోని షాంపేన్ ప్రాంతంలోనే తయారవ్వాలి, మామూలు రకమైనా కనీసం 15 నెలలు ఆగాలి. చవక షాపులో అమ్మినంత మాత్రాన ఆ నియమం సడలదు.

కొత్తచెప్పులు
షాంపేన్ మాట వచ్చింది కాబట్టి: అమెరికాలోని ట్రేడర్ జోస్ అనే గొలుసు షాపులో అమ్మే చార్ల్స్ షా అనే అతి చవక వైన్ 2007లో కాలిఫోర్నియా స్టేట్ ఫెయిర్ పోటీలో ఆ రాష్ట్రపు షార్డనే (ఒక రకం తెల్ల వైన్) సీసాల్లో మొదటి స్థానం కొట్టింది. లేబుల్ కనపడకుండా రుచి చూశారు మరి.

ఎండుటాకు
ఒక పోటీలో గెలిస్తే ఏమైంది? ఆ సంవత్సరం సీసా వేరు, ఈ సంవత్సరం సీసా వేరు. అంత పెద్ద మోతాదులో చేసే వైన్‌లో ఒక పెట్టెకీ ఇంకో పెట్టెకీ రుచి ఒకేలా ఉంటుందని ఎవరు చెప్పారు?

అయినా మీరంతా లేబుళ్ల గురించి మాట్లాడుతున్నారు, 2013లో గుర్రపు మాంసం గొడవ మర్చిపోయారా? గొడ్డు మాంసం అని లేబుల్ వేసి గుర్రపు మాంసం కలిపి అమ్మారు. ఐర్లండ్ ఆహార భద్రతా సంస్థ పరీక్షల్లో బయటపడింది. ఆల్డీ, అలాంటిదే ఇంకో చవక షాపు లిడిల్ కూడా సరుకు వెనక్కి తీసుకున్నాయి. లేబుల్ చదివితే తెలిసేదా?

తూకంరాయి
తెలిసేది కాదు. కానీ అదే గొడవలో బ్రిటన్‌లోని పెద్ద సూపర్‌మార్కెట్ టెస్కో ఉంది, ఫిండస్ లాంటి పేరున్న బ్రాండూ ఉంది. ఎక్కువ డబ్బు ఇచ్చి కొన్నవాళ్లకీ అదే వడ్డించారు. మీ ఉదాహరణ నా వైపే నిలబడుతోంది.

అర్ధరాత్రి_ఆకలి
రొట్టె సంగతి ఎవరైనా చెప్పండి. లోపలికి అడుగుపెట్టగానే కమ్మటి వాసన వస్తుంది, ఇంటికొచ్చి సాయంత్రం తింటే అట్టముక్క.

కొత్తచెప్పులు
పిండి అక్కడ కలపరు కదా. వేరే చోట సగం కాల్చి గడ్డకట్టించి పంపిస్తారు, షాపులో ఓవెన్‌లో పెట్టి మిగతా సగం కాలుస్తారు. వేడిగా ఉన్నప్పుడు తినేయాలి, మిగిలితే వెంటనే ఫ్రీజర్‌లో పడేయాలి. చాలా ఖరీదైన సూపర్‌మార్కెట్లలోనూ జరిగేది ఇదే, బుట్ట మాత్రం వెదురుది పెడతారు.

పాతబిల్లు
మళ్లీ నా ప్రశ్న దగ్గరికి వస్తున్నా, ఎవరూ జవాబివ్వలేదు కాబట్టి. రెసిపీ వేరైతే "అదే ఫ్యాక్టరీ" అనడంలో అర్థమేంటి? తూకంరాయి గారు ముందు ఆ మాట అనేసి, తర్వాత "ఒకే సరుకు అనలేదు" అని పక్కకి తప్పుకున్నారు. అలాంటప్పుడు ఆ వాక్యం ఎందుకు రాసినట్టు?

తూకంరాయి
బాబూ, ఆ వాక్యం పక్కన పెట్టండి, లేకపోయినా నా మాట నిలుస్తుంది. మీకు ఫ్యాక్టరీల మీద ఇంత పట్టింపు ఎందుకో అర్థం కావడం లేదు. ఎవరో చవకగా, కాస్త తెలివిగా కొనుక్కుని తింటుంటే మీకొచ్చే నొప్పేంటి?

మీలాంటివాళ్ల మాట వెనక ఎప్పుడూ ఒకటే ఉంటుంది: మంచి తిండి డబ్బున్నవాళ్లకే, మిగతావాళ్లు దొరికింది తిని ఊరుకోవాలి, పైగా అది బాగుందని అనకూడదు. మా ఇంటికి వచ్చిన చుట్టం ఒకామె చీజ్ తిని చాలా బాగుందని, ప్యాకెట్ చూశాక "ఓ, ఇదా" అని ప్లేటు పక్కకి జరిపింది. రుచి మారలేదు, పేరు తెలిసిందంతే. ఆ చూపు నాకు తెలుసు. మీ రాతల్లోనూ అదే కనిపిస్తోంది.

ఎండుటాకు
అబ్బో.

పాతబిల్లు
నా నొప్పేంటో అడిగారు కాబట్టి చెబుతా. నాకు చిన్న వర్క్‌షాపు ఉండేది, జామ్, పళ్ల గుజ్జు చేసేవాళ్లం. ఒక పెద్ద గొలుసు షాపుకి వాళ్ల లేబుల్ మీదే సరఫరా చేశాం. పేరు రాయను, అవసరం లేదు. మొదట్లో పండగలా ఉండింది, అంత పెద్ద ఆర్డరు ఎప్పుడూ చూడలేదు. దాని కోసం యంత్రం కొన్నాం, మిగతా చిన్న ఖాతాదారుల్ని వదిలేశాం. తర్వాత ఏడాది ధర తగ్గించమన్నారు. ఆ పైయేడు మళ్లీ. పండు ధర మాకు పెరుగుతోంది, వాళ్లకి తగ్గాలి. పండు శాతం తగ్గించమని కాగితం మార్చి పంపించారు, చేశాం. చివరికి ఒక మధ్యాహ్నం ఫోన్ చేసి, వచ్చే వారం నుంచి అక్కర్లేదన్నారు. మూతలు పెట్టి లేబుల్ అంటించిన సీసాలు గోదాములో వరసగా ఉన్నాయి, వాటి మీద వాళ్ల పేరు ఉంది, ఇంకొకళ్లకి అమ్మలేం. లేబుల్ నానబెట్టి గీకి తీయడానికి పెట్టిన కూలి జామ్ ధర కన్నా ఎక్కువైంది.

అందుకే "తగ్గింపు సరుకులోంచి రాదు, అట్టపెట్టెలోంచి వస్తుంది" అంటే నాకు ఒళ్లు మండుతుంది. కొంత అట్టపెట్టెలోంచే వస్తుంది, నిజమే. కొంత మాలాంటివాళ్ల జేబులోంచి వచ్చింది. యూరోపియన్ యూనియన్ 2019లో చట్టం ఎందుకు తెచ్చింది? పాడైపోయే సరుకుకి 30 రోజుల్లోపు డబ్బు కట్టాలి, చివరి నిమిషంలో ఆర్డరు రద్దు చేయకూడదు అని రాయాల్సి వచ్చిందంటే అంతకు ముందు ఏం జరిగేదో ఊహించుకోండి. అది పాడైపోయే సరుకుకే. జామ్ సీసా పాడైపోయే సరుకు కాదు.

అర్ధరాత్రి_ఆకలి
ఇది ముందే చెప్పి ఉంటే ఫ్యాక్టరీ గేటు దగ్గర ఇంతసేపు నిలబడేవాళ్లం కాదు కదా అన్నా.

నిర్వాహకుడు
వ్యక్తిగత విమర్శలు వద్దు, ఇద్దరికీ చెబుతున్నా. విషయం మీద ఉండండి.

తూకంరాయి
మీకు జరిగింది అన్యాయం. ఆ మాట మనస్ఫూర్తిగానే అంటున్నా. కానీ దానికి నా బుట్టని బోనెక్కించకండి. ఖరీదైన సూపర్‌మార్కెట్ సరఫరాదారుని పిండదని మీరు రాసివ్వగలరా? బ్రిటన్‌లో ఇలాంటి ఫిర్యాదులు చూడటానికి 2013లో ప్రత్యేకంగా ఒక అధికారిని పెట్టారు. ఆ నియమావళి ఒక్క చవక షాపులకే కాదు, పెద్ద గొలుసు షాపులన్నిటికీ వర్తిస్తుంది. నేను ఎక్కువ డబ్బు పెట్టి కొన్నా ఆ తేడా మీలాంటివాళ్ల చేతికి చేరుతుందని గ్యారంటీ ఏది? మెరిసే లైట్లకీ, వెదురు బుట్టకీ పోతుంది.

నా వైపు లెక్క వేరు. నెలకి ఇంతే అని తిండి ఖర్చు కట్టేసి ఉన్న ఇల్లు నాది. ఆ డబ్బులోనే పిల్లలకి నిజమైన వెన్న, గింజలు, పళ్లు పెట్టగలుగుతున్నానంటే ఇలాంటి షాపుల వల్లే. వీటిని మానేస్తే నేను న్యాయంగా చేసిన జామ్ కొనను, జామ్ కొనడమే మానేస్తాను.

పాతబిల్లు
మానేయమని నేను అనలేదు. "మంచి తిండి" అన్నప్పుడు నాలుక మీద ఆగిపోకండి అంటున్నా. చేసినవాడికి గిట్టుబాటు కానిది నా లెక్కలో మంచిది కాదు, ఎంత రుచిగా ఉన్నా.

తూకంరాయి
కొనేవాడికి అందనిది నా లెక్కలో మంచిది కాదు, ఎంత న్యాయంగా చేసినా. ఇక్కడ మనం కలవం.

పాతబిల్లు
కలవం.

ఎండుటాకు
ఇద్దరూ కలవరని తేలింది కాబట్టి అడుగుతున్నా, పెద్ద ప్యాకెట్ ఎప్పుడూ చవకే కదా?

కొత్తచెప్పులు
కాదు. అర మీద ధర చీటీ కింద చిన్న అక్షరాల్లో కిలోకి ఎంతో రాసి ఉంటుంది, అది చూడండి. కొన్నిసార్లు చిన్న ప్యాకెట్లు రెండు కొంటేనే తక్కువ పడుతుంది. పాత ధరకే ప్యాకెట్ బరువు తగ్గించేసినా అక్కడే బయటపడుతుంది.

ఎండుటాకు
తేదీ దగ్గరపడి సగం ధరకి పెట్టినవి?

తూకంరాయి
తేదీ ఏ రకమో చూసి కొనండి. "ఈ తేదీలోపు వాడాలి" అని ఉంటే అది భద్రత సంగతి. మాంసం, చేప లాంటివి ఆ రోజు దాటితే ముట్టుకోవద్దు, తేదీ లోపలే ఫ్రీజర్‌లో పెట్టేస్తే సరి. "ఈ తేదీ వరకు మేలు" అని ఉంటే అది నాణ్యత సంగతి. పాస్తా, చాక్లెట్, డబ్బా సరుకు ఆ తర్వాత కూడా తినొచ్చు, డబ్బా ఉబ్బకుండా ఉంటే.

అర్ధరాత్రి_ఆకలి
వాల్‌నట్స్ అలాగే సగం ధరకి తెచ్చా. తేదీ ఇంకా ఉంది కానీ నోట్లో వేసుకుంటే చేదు.

పాతబిల్లు
లోపలి నూనె పాడై చేదెక్కింది. గింజల్ని వెలుతురులో, వేడిలో ఉంచితే తేదీ లోపలే అలా అవుతుంది. పారదర్శకమైన ప్యాకెట్ లైటు కింద వేలాడుతుంటే కొనకండి, అర లోపలివి తీసుకుని ఇంటికెళ్లి ఫ్రిజ్‌లో పెట్టండి. ఇప్పుడు ఉన్నవాటిని బిల్లుతో పాటు తిరిగి ఇచ్చేయండి, చాలా షాపులు మారు మాట లేకుండా తీసుకుంటాయి.

అర్ధరాత్రి_ఆకలి
బిల్లు పారేశా.