లాడం కొట్టించిన మూడో రోజు నుంచి గుర్రం కుంటుతోంది. పనిలో పనిగా, ఈ పని నేర్చుకోవడం ఎలా?

ప్రశ్న:
అందరికీ నమస్కారం. మాది సిద్దిపేట దగ్గర పల్లె. మా మేనమామకు బారాత్‌లకు తిప్పే గుర్రాలు రెండున్నాయి. శుక్రవారం రెండింటికీ లాడాలు కొట్టించాం. ఆదివారం నుంచి తెల్ల గుర్రం ముందరి కుడికాలు సరిగా మోపడం లేదు. పైకి గాయమేమీ లేదు. లాడాలు కొట్టినాయన ఫోన్ ఎత్తడం లేదు. బుధవారం బారాత్ ఒప్పుకున్నాం కాబట్టి మామ టెన్షన్ పడుతున్నాడు. నొప్పి సూది వేయించి తిప్పేయమని కొందరంటున్నారు.
ఇంకో మాట. నేను ఐటీఐలో వెల్డర్ ట్రేడ్ చేశాను. మా తాత ఎడ్లకు లాడాలు కొట్టేవాడు. గుర్రాల పని నేర్చుకుంటే బతుకుదెరువు ఉంటుందా?

జవాబు, లాడాల మేస్త్రీ, హైదరాబాద్:
తమ్ముడూ, ముందు బారాత్‌కు వేరే గుర్రాన్ని మాట్లాడండి. సూది వేస్తే దానికి నొప్పి తెలియదు, కుంటే కాలి మీద పూర్తి బరువు మోపేస్తుంది. లోపల చీముంటే ఇంకా పైకి పాకుతుంది.
కొత్త లాడం పడ్డ ఒకటి రెండు రోజులకు కుంటు మొదలైతే మొదటి అనుమానం మేకు మీదే. గిట్టను తిప్పి చూడు. బయటి గట్టి గోడకూ అరికాలికీ మధ్య లేత పసుపు రంగులో సన్నని గీత కనిపిస్తుంది. తెల్ల గీత అంటాం దాన్ని. మేకు ఆ గీతకు బయటే దిగాలి, లోపలంతా ప్రాణమున్న కండ. అందులో గుచ్చుకుంటే గుర్రం అప్పటికప్పుడే కాలు లాక్కుంటుంది. గుచ్చుకోకుండా పక్కనుంచి నొక్కితే మాత్రం మీకు జరిగినట్టే రెండు రోజులాగి బయటపడుతుంది.
ముందరి రెండు గిట్టల మీదా అరచేతులు పెట్టి ఏది వేడిగా ఉందో చూడు. గిట్ట పైనున్న కీలు వెనక, రెండు పక్కలా వేళ్లతో తడిమితే నాడి తగులుతుంది. మంచి కాలికి అది దొరకడమే కష్టం, దెబ్బతిన్న కాలికి టకటకా కొట్టుకుంటుంది. తర్వాత చిన్న సుత్తితో ఒక్కో మేకు తల మీద మెల్లగా తట్టు. ఏ మేకు దగ్గర కాలు గుంజుకుంటుందో అదే దొంగ.
పటకారుతో లాడం మొత్తం పీకేయొద్దు. మేకు కొన గోడలోంచి బయటికొచ్చిన చోట మడిచి ఉంటుంది. ఆ మడత విప్పకుండా లాగితే గోడ పెచ్చులూడిపోతుంది. గిట్ట పెరిగేదే నెలకు సెంటీమీటరు లోపు, ఆ పెచ్చు నెలల తరబడి పీడిస్తుంది.

జవాబు, పశువైద్యుడు:
మేస్త్రీ గారు చెప్పింది సరైనదే. అన్ని పశువుల కంటే గుర్రానికి ధనుర్వాతం సులువుగా పడుతుంది. టీకా ఎప్పుడు వేయించారో గుర్తులేకపోతే డాక్టరుకు ఆ మాటే ముందు చెప్పండి. మేకు తీశాక ఆ రంధ్రాన్ని మైనంతోనో తారుతోనో మూయొద్దు, చీము కారిపోవాలి. గోరువెచ్చని నీళ్లలో ఎప్సమ్ సాల్ట్ వేసి కాలును పావుగంట సేపు ముంచి, శుభ్రమైన గుడ్డ కట్టి, పొడి గడ్డి మీద కట్టేయండి.
ఒకవేళ ముందరి గిట్టలు రెండూ వేడిగా ఉండి, గుర్రం వెనక్కి వాలి నిలబడుతుంటే అది మేకు సమస్య కాదు. పెళ్లిళ్లలో ముచ్చటపడి లడ్డూలు, అన్నం, బెల్లం పెడతారు చూడండి, అది ఎక్కువైతే గిట్ట లోపలి పొరలు వాచి విడిపోతాయి. అప్పుడు గింజలు, తీపి ఆపేసి ఆ గంటలోనే డాక్టరును పిలవాలి.

ప్రశ్న అడిగినవారు:
బయటి వైపు మూడో మేకు తట్టగానే కాలు విదిల్చింది! డాక్టరు గారొచ్చి లాడం విప్పారు. ఆ మేకు వెంట నల్లటి నీళ్లు కారాయి, ఒకటే కంపు. టీకా వేశారు, పది రోజులు పని వద్దన్నారు. బారాత్‌కు సిద్దిపేట నుంచి వేరే గుర్రాన్ని మాట్లాడుకున్నాం. ఇంతకీ మేకు లోపలికి ఎందుకు పోయింది?

జవాబు, లాడాల మేస్త్రీ:
కారణాలు చాలా ఉంటాయి. లాడం మేకును చేతిలోకి తీసుకుని చూడు, కొన దగ్గర ఒక పక్క ఏటవాలుగా చెక్కి ఉంటుంది. ఆ పక్క లోపలి వైపుంటేనే మేకు వంగుతూ బయటికొస్తుంది. తిరగేసి కొడితే నేరుగా కండలోకే దారి. చెవి కూడా పనిచేయాలి. గట్టి గోడలో దిగే మేకు ఖంగుమంటుంది, మెత్తని చోటికి పోతే శబ్దం చచ్చిపోతుంది. ఆ క్షణంలో సుత్తి ఆపి మేకు వెనక్కి లాగాలి. ఫోన్ చూసుకుంటూ కొట్టేవాడికి ఈ తేడా వినపడదు.
ఇక నీ రెండో ప్రశ్న. వెల్డర్‌వి కాబట్టి ఇనుము పని నీకు కష్టం కాదు. కానీ లాడాలు సైజుల వారీగా రెడీమేడ్‌గా దొరుకుతున్నాయి. పనంతా గిట్టను చదవడంలోనే ఉంది. ఎంత కోయాలి, మడమ ఎంత ఉంచాలి, నడకలో ఏ అంచు ముందు నేలను తాకుతోంది, ఇవన్నీ చూడాలి. లాడాన్ని గిట్టకు తగ్గట్టు వంచాలి. దొరికిన లాడానికి సరిపోయేలా గిట్టను రాకడం చేతకానివాళ్ల పని.
తాత పని చూసి ఇదీ అంతేననుకోకు. ఎద్దు గిట్ట రెండుగా చీలి ఉంటుంది కాబట్టి ఒక్కో కాలికి రెండు బిళ్లలు పడతాయి, అదీ తాళ్లతో పడుకోబెట్టి కొడతారు. ఇక్కడ నాలుగైదు క్వింటాళ్ల జంతువు నిలబడే ఉంటుంది, దాని కాలు నీ మోకాళ్ల మధ్య ఉంటుంది. నడుము ఇప్పుడే గట్టిపరుచుకో.
బతుకుదెరువంటావా, ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి ప్రతి గుర్రానికీ గిట్టలు చెక్కాల్సిందే. మలక్‌పేట రేసు గుర్రాలు, రైడింగ్ స్కూళ్లు, ఫామ్‌హౌస్‌లు, పెళ్లి గుర్రాలు అన్నీ ఉన్నాయి. రేసు గుర్రాలకు తేలికైన అల్యూమినియం లాడాలు వేస్తాం, మొదట్లో వాటి జోలికి పోవద్దు. మాలో ఎక్కువ మంది గురువు దగ్గర చేరి నేర్చుకున్నవాళ్లమే. సైన్యంలో చేరే వయసుంటే మీరట్‌లోని రిమౌంట్ అండ్ వెటర్నరీ కోర్ (సైన్యంలో గుర్రాలు, ఇతర జంతువులను చూసుకునే విభాగం) సంగతి కనుక్కో, అక్కడ ఫ్యారియర్, అంటే లాడాలు కొట్టే పని, ఒక ట్రేడ్. ఉత్తర భారతంలో పనిచేసే గుర్రాలు, గాడిదల బాగోగులు చూసే బ్రూక్ సంస్థ నాల్‌బంద్‌లకు శిక్షణ ఇస్తూ వచ్చింది. మన హైదరాబాద్ ఉర్దూలోనూ మమ్మల్ని నాల్‌బంద్ అనే పిలుస్తారు.

జవాబు, ఇంగ్లండ్‌లో గుర్రపుశాలలో పనిచేసే తెలుగువాడు:
ఇక్కడ పద్ధతి వేరు. 1975 నాటి చట్టం ప్రకారం రిజిస్టర్ కానివాడు తన సొంత గుర్రానికి కూడా లాడం కొట్టకూడదు. గుర్తింపు పొందిన మేస్త్రీ కింద సుమారు నాలుగేళ్లు అప్రెంటిస్‌గా చేసి పరీక్ష పాసవ్వాలి. లండన్‌లో లాడాల వాళ్ల సంఘం 1356 నుంచి ఉంది, డిప్లొమా ఇచ్చేది వాళ్లే. విదేశాలకు పంపిస్తామని నెలరోజుల కోర్సుకు డబ్బు అడిగేవాళ్లుంటే జాగ్రత్త.

ప్రశ్న అడిగినవారు:
అన్నా, మీ దగ్గరికి వస్తే నేర్పిస్తారా?

జవాబు, లాడాల మేస్త్రీ:
రా. మొదటి మూడు నెలలు మేకు ముట్టనివ్వను. కాళ్లెత్తి పట్టుకోవడం, గిట్టలు కడగడం, ఆకురాయి పట్టడం, అంతే. చెప్పులతో రావొద్దు, ముందు తోలు బూట్లు కొనుక్కో.