బడి వెనక రెండు సెంట్ల జాగా, చిన్నపిల్లలతో కూరగాయలు అవుతాయా?

పల్లె_పంతులమ్మ: మా బడిలో ఒకటి, రెండు తరగతుల పిల్లలే ఎక్కువ. వెనక రెండు సెంట్లు ఖాళీ, చేతులు కడిగిన నీళ్లన్నీ అటే పోతాయి. మధ్యాహ్న భోజనంలోకి పనికొచ్చేవి వేద్దామని ఉంది. ముందు ఏం వేయాలి? కంచె సంగతేంటి? దసరా సెలవుల్లో నీళ్లెవరు పోస్తారు?

మిద్దెతోట_బాబాయ్: తోటకూర. 25, 30 రోజుల్లో కోతకొస్తుంది, ఆ పిల్లలు అంతకంటే ఆగరు. మేం మొదటేడు వంగ నారు పెట్టాం, రోజూ పీకి వేరొచ్చిందో లేదో చూసి మళ్లీ పాతేవాళ్లు వెధవలు. తోటకూర గింజ సన్నం కదా, ఇసుకలో కలిపి చల్లించండి.

సేద్యగాడు: పచ్చి పేడ నాలుగు తట్టలు వేసి తవ్వండి, ఇంకేం అక్కర్లేదు.

మిద్దెతోట_బాబాయ్: పచ్చి పేడా? వేరుపురుగుని పిలిచి భోజనం పెట్టినట్టే. చివికిన ఎరువే వేయాలి.

సేద్యగాడు: 30 ఏళ్లుగా సేద్యం చేస్తున్నా, కుండీల్లో కొత్తిమీర పెంచేవాళ్లు నాకు చెప్పొద్దు. పొలానికి ఎరువుగా పోసే జీవామృతంలో వేసేది పచ్చి పేడ కాదా?

మిద్దెతోట_బాబాయ్: అది 200 లీటర్ల నీళ్లకి 10 కిలోలండీ, బెల్లం, పప్పుల పిండి వేసి పులియబెడతారు. తట్టలతో గుమ్మరించడం, అదీ ఒకటేనా?

ఇద్దరు_పిల్లల_అమ్మ: మీ పేడ గొడవ ఆపండి బాబూ. షాపులో కొన్న బెండ గింజలకి గులాబీ రంగు మందు పూసి ఉంటుంది, మావాడు ఆ చేత్తోనే బిస్కెట్ తిన్నాడు, టెన్షన్‌తో రాత్రంతా నిద్రలేదు. మందు పూయని గింజలే పిల్లల చేతికివ్వండి. ఇంట్లో బెండకాయ చూస్తే పారిపోయేవాడు బళ్లో పచ్చిదే కొరుక్కు తిన్నాడు, అది వేరే సంగతి.

కోతుల_బాధితుడు: కోతుల మాటెత్తరేం ఒక్కరూ? ముళ్లకంప, చీరలు, పాత సీడీలు అన్నీ కట్టాం. టమాటా ఒక్కటి మిగల్లేదు. మా దగ్గర గోంగూర జోలికి మాత్రం రాలేదు.

సేద్యగాడు: చీరలు పందులకి కడతారు, కోతులకి కాదు.

పల్లె_పంతులమ్మ: నేనడిగిన సెలవుల సంగతి?

ఇద్దరు_పిల్లల_అమ్మ: మా దగ్గర వంట చేసే అక్కే పోసింది. కోసిన కూర ఆ పది రోజులూ ఆమెదే అని ముందే చెప్పాం.

పల్లె_పంతులమ్మ: ఇది బాగుంది. సోమవారం తోటకూర చల్లిస్తా, గట్టు మీద గోంగూర. మా వంట అక్క ఎర్రదే వేయమంటోంది.

మిద్దెతోట_బాబాయ్: ఎర్రది మరీ పులుపమ్మా, పప్పులోకి తెల్లదే.

సేద్యగాడు: తెల్ల గోంగూర కూడా గోంగూరేనా!